మూరెడు దూరానికి ముప్పావుగంట

పోయిన నెల మా అన్న కొడుకు గండికోటకు పోయి, పెన్న లోయను ఫోన్‌లో ఫోర్‌కే వీడియో తీసుకొచ్చాడు. ఐదు నిమిషాలది, 1.8 జీబీ. దాన్ని నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాలి. కేబుల్ ఎక్కడ పెట్టానో గుర్తు లేదు. "అదెంత పని చిన్నాయనా" అని వాడు ఆన్‌లైన్ స్టోరేజీలోకి అప్‌లోడ్ పెట్టాడు. కడప బండలు పరిచిన వసారాలో ఫోనూ ల్యాప్‌టాపూ పక్కపక్కనే ఉన్నాయి. మా అమ్మ వక్క నములుతూ చాలాసేపు చూసి, వాణ్ణి అడిగింది: "ఆ ఫోన్లోంచి ఈ పెట్టెలోకి మూరెడు గూడా లేదు గదరా. ఇంతసేపు యాడ తిరుగుతాండాది అది?"

ఆ వీడియో నిజంగానే ఊళ్లు తిరుగుతోంది. ఫోన్ నుంచి టవర్‌కు, అక్కణ్ణుంచి ఫైబర్ తీగల మీదుగా ఎక్కడో దూరాన ఉన్న డేటా సెంటర్‌కు పోవాలి. మొత్తం చేరాక అదే దారిన వెనక్కి వచ్చి, అదే ఫోన్ హాట్‌స్పాట్ గుండా ల్యాప్‌టాప్‌లో దిగాలి. ముక్కెక్కడుందంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడం అంటారే, అదీ ఇది. పైగా వెళ్లేటప్పుడే ఆలస్యం ఎక్కువ. టవర్ పదుల వాట్లతో మాట్లాడితే, ఫోన్ గొంతు మహా అయితే 0.2 వాట్. జనం చూసేది ఎక్కువ, పంపేది తక్కువ కాబట్టి నెట్‌వర్కులు కూడా ఎక్కువ వాటా డౌన్‌లోడ్‌కే ఇస్తాయి. మందపాటి రాతిగోడల మా పాత ఇంట్లో అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్ (సెకనుకు 5 మెగాబిట్లు) దాటదు.

ఫైలును బైట్లలో కొలుస్తాం, వేగాన్ని బిట్లలో చెబుతారు. బైటుకు 8 బిట్లు. అంటే 1.8 జీబీ వీడియో 14,400 మెగాబిట్లు. దాన్ని 5తో భాగిస్తే 2,880 సెకన్లు, అంటే 48 నిమిషాలు. సరిగ్గా అంతసేపూ పట్టింది. తీరా డౌన్‌లోడ్ మొదలుపెట్టిన కాసేపటికే ఆ రోజు 2 జీబీ ప్యాక్ అయిపోయి, స్పీడు నత్తనడకకు దిగింది. "రేప్పొద్దున చూసుకుందాంలే" అని వాడు లేచాడు.

అసలు ఈ పనికి నెట్ అక్కర్లేదు. వైఫై అంటేనే ఇంటర్నెట్ అనుకునేవాళ్లు చాలామంది. వైఫై రెండు వస్తువులు రేడియోలో మాట్లాడుకునే పద్ధతి, అంతే. మొబైల్ డేటా పూర్తిగా ఆపేసి హాట్‌స్పాట్ మాత్రం ఆన్ చేసి చూడండి, ల్యాప్‌టాప్ దానికి చక్కగా కలుస్తుంది. ఫోన్ దానికో చిరునామా కూడా ఇస్తుంది. మామూలుగా 192.168 అని మొదలయ్యే అంకెలవి. ఇలాంటి చిరునామాలు ఇంటి గడప దాటితే చెల్లవు. ఇంట్లో "చిన్నోడా" అని పిలిస్తే ఒక్కడే పలుకుతాడు, వీధిలోకొచ్చి అరిస్తే పదిమంది తిరిగి చూస్తారు కదా, అలాగన్నమాట.

షేరిట్ గుర్తుందా? బస్టాండుల్లో, హాస్టళ్లలో పాటలూ సినిమాలూ దాంట్లోనే చేతులు మారేవి. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో అదీ ఒకటి. యాప్ పోయింది గానీ దాని కిటుకు ఎవరి సొత్తూ కాదు. ఒక ఫోన్ హాట్‌స్పాట్ అవుతుంది, రెండోది వచ్చి దాంట్లో చేరుతుంది. డేటా ప్యాక్ ఖర్చు కాకుండా సినిమాలు సినిమాలే పోయింది అలాగే.

బ్లూటూత్ ఉంది కదా అంటారు. 1994లో ఎరిక్సన్ అనే ఫోన్ల కంపెనీ ఇంజనీర్లు ఆ పని మొదలుపెట్టింది హెడ్‌సెట్ లాంటి చిన్న వస్తువులకు తీగల బెడద తప్పించడానికి. బరువైన ఫైళ్లు మోయడం దాని ఉద్యోగం కాదు. అది తిరిగే 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో వైఫైలు, మైక్రోవేవ్ ఓవెన్లు అన్నీ గోల చేస్తుంటాయి. ఆ గోలలో బతకడానికి బ్లూటూత్ ఆ చోటును 79 గడులు చేసుకుని, సెకనుకు 1,600 సార్లు గడి మారుస్తుంది. అచ్చం తొక్కుడుబిళ్ల. కాకపోతే పంపేదీ అందుకునేదీ ఒకే వరసలో, ఒకేసారి గెంతుతాయి. ఒక గడిలో ఎవరైనా అడ్డొస్తే ఆ చిన్న ముక్క పోతుంది, తర్వాతి గడిలో మళ్లీ చెప్పుకుంటుంది. ఇలా గెంతే ఉపాయానికి 1942లోనే హాలీవుడ్ నటి హెడీ లమార్‌కూ, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్‌కూ పేటెంట్ వచ్చింది. టార్పెడోను శత్రువు రేడియోతో దారి తప్పించకుండా, పియానో మెట్లు ఎన్నో అన్ని, 88 ఫ్రీక్వెన్సీలు వాడాలని వాళ్ల ఆలోచన. బ్లూటూత్‌ను ఆవిడే కనిపెట్టిందని వాట్సాప్‌లో తిరిగేది మాత్రం అతిశయోక్తి.

గెంతడం బాగానే ఉంది, కానీ గడి సన్నం. ఒక్కోటి 1 మెగాహెర్ట్జ్. అందుకే ఎంత బాగా పనిచేసినా వేగం 2 ఎంబీపీఎస్ దగ్గరే ఆగుతుంది. మా వీడియోకైతే 2 గంటలు. 5 గిగాహెర్ట్జ్ వైఫై 80 మెగాహెర్ట్జ్ వెడల్పున కూడా పారగలదు. డ్రిప్పు పైపుకూ కేసీ కాలువకూ ఉన్నంత తేడా. డ్రిప్పు చెడ్డదని కాదు, చీనీ చెట్టుకు అదే మేలు. ఇయర్‌ఫోన్‌కు బ్లూటూత్ కూడా అంతే. ఫోన్ల మధ్య ఫైళ్లు పంపే క్విక్ షేర్ లాంటివి రెంటినీ వాడుకుంటాయి. పక్కన ఎవరున్నారో బ్లూటూత్‌తో కనిపెట్టి, మూట మాత్రం వైఫై నెత్తిన పెడతాయి.

ఆ మూట కూడా ఒక్క ముద్దగా పోదు. సుమారు 1,500 బైట్ల ముక్కలుగా తరిగి, వరస తప్పకుండా లెక్క రాసుకుని పంపుతారు. మా వీడియో 12 లక్షలకు పైగా ముక్కలు. ముట్టినట్టు అవతలి నుంచి కబురు రాని ముక్క మళ్లీ బయల్దేరుతుంది. మధ్యలో రాతిగోడ ఉన్నా, చుట్టాలు కిక్కిరిసి ఉన్నా (మనిషి ఒళ్లంతా నీళ్లే, నీళ్లు ఈ తరంగాలను తాగేస్తాయి) ఫైలు చెడిపోదు, ఆలస్యమవుతుంది. 5 గిగాహెర్ట్జ్‌కు గోడలంటే మరీ పడదు. కాబట్టి ఒకే గదిలో కూర్చోవడం మంచిది.

ఇంట్లో రౌటర్ ఉన్నవాళ్లకు ఇంకో మెలిక. ప్రతి ముక్కా ఫోన్ నుంచి రౌటర్‌కు ఒకసారి, రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కు మరోసారి గాల్లోకి ఎక్కాలి. ఒకే ఛానల్‌లో ఒకసారికి ఒకరే మాట్లాడాలి కాబట్టి వేగం దాదాపు సగానికి పడిపోతుంది. ల్యాప్‌టాప్‌ను రౌటర్‌కు తీగతో కలిపినా, నేరుగా ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపినా ఆ బాధ లేదు. లాడ్జిల్లో, కాలేజీల్లో వైఫై ఉన్నా రెండు పరికరాలు ఒకదానికొకటి కనిపించకపోతే మీ తప్పనుకోకండి. ఒకరి ఫోన్లోకి ఇంకొకరు తొంగిచూడకుండా చాలాచోట్ల కావాలనే అడ్డం పెడతారు.

మర్నాడు పొద్దున ఫోన్లోనూ ల్యాప్‌టాప్‌లోనూ లోకల్‌సెండ్ అనే ఉచిత యాప్ వేశాం. మొబైల్ డేటా ఆపేశాం. లేకపోతే ఇదే సందనుకుని ల్యాప్‌టాప్ తన అప్‌డేట్లన్నీ దించుకుంటుంది. హాట్‌స్పాట్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చి కలిపితే, మొదట ఫోన్‌కు ల్యాప్‌టాప్ కనబడనే లేదు. కొత్త వైఫైని అది బజారు కింద లెక్కేసి తలుపేసుకుంది. సెట్టింగ్స్‌లో "పబ్లిక్" అన్నదాన్ని "ప్రైవేట్" చేశాక కనబడింది. ఆ తర్వాత 72 సెకన్లు. మా అమ్మ ఉగ్గాని ప్లేట్లు తెచ్చేలోపే వీడియో వచ్చేసింది.

"ఈసారి యాడికీ తిరగలేదా?"

"లేదు జేజీ, నేరుగా వచ్చింది."

ఆమె కళ్లద్దాలు సర్దుకుని తెరలోకి వంగింది. "పెన్నలో నీళ్లుండాయే!" అంది.