ఇంట్లో పొయ్యిలెన్ని?

చి. బుజ్జికి, చి. చిన్నుకి,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నాయనమ్మకి మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది, కోపం తగ్గలేదు.

బుజ్జీ, నీ సోషల్ ప్రాజెక్టు చూశాను. గూగుల్ ఫారం తయారుచేసి, కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టి, 140 మంది చేత నింపించావు. రంగురంగుల బొమ్మలు కూడా వేశావు. మొదటి ప్రశ్న "మీకు స్మార్ట్‌ఫోన్ ఉందా?" నూటికి నూరు మందీ ఉందన్నారు. వాట్సాప్‌లో అడిగితే లేనివాడు లేదని ఎక్కడ చెబుతాడే? మీ వాచ్‌మన్ భార్య, ఇస్త్రీబండి ముసలాయన నీ లెక్కలోకే రాలేదు. నవ్వానని బాధపడకు. ఇదే పొరపాటు నీకంటే చాలా పెద్దవాళ్లు చేశారు.

1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటి మందికి కార్డులు పంపింది. చిరునామాలు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల్లోంచి, కార్లున్నవాళ్ల జాబితాల్లోంచి తీసుకుంది. ఇరవై లక్షలకు పైగా జవాబులొచ్చాయి. అవి లెక్కపెట్టి, గద్దె మీదున్న రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని, ఆయన మీద పోటీకి నిలబడ్డ లాండన్ అనే ఆయన గెలుస్తాడని చాటింది. తీరా చూస్తే 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్‌వే. జార్జ్ గాలప్ అనే ఆయన 50 వేల మందిని అడిగి రూజ్‌వెల్టే గెలుస్తాడని ముందే చెప్పాడు. జనం పనుల్లేక అల్లాడుతున్న ఆ రోజుల్లో ఇంట్లో ఫోనూ కారూ ఎవరికుంటాయి? పైగా కార్డు నింపి తిరిగి పంపడానికి ఓపికుండాలి. గద్దె మీదున్నవాడి మీద మంట ఉన్నవాడికి ఆ ఓపిక కాస్త ఎక్కువ. రెండేళ్లు తిరిగేసరికి ఆ పత్రికే లేదు.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు. నిజమే. కానీ నాయనమ్మ ఎలా చూస్తుందో ఎప్పుడైనా గమనించారా? పైపైన ఉన్న మెతుకు తీయదు. గరిటె అడుగుదాకా పోనిచ్చి, ఒకసారి కలియబెట్టి, అప్పుడు పట్టి చూస్తుంది. మన దేశంలో ఆ కలియబెట్టడాన్ని శాస్త్రంగా స్థిరపరచినవారిలో ముఖ్యుడు గణాంకశాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్. బెంగాల్లో జనపనార ఎన్ని ఎకరాల్లో వేశారో తేల్చడానికి ప్రతి పొలమూ కొలవకుండా, చీటీలేసినట్టు కొన్ని పొలం ముక్కలు ఎంచుకుని కొలిపించాడు. దేశమంతటా కొన్ని ఇళ్లు ఎంచుకుని జనం ఖర్చులూ బతుకులూ లెక్కరాసే జాతీయ నమూనా సర్వే 1950లో మొదలైంది. దాని వెనక ఉన్నదీ ఆయనే.

నేను బతుకంతా చేసింది ఆ రకం పనే కదా. ఊళ్లో దిగితే ముందు ఇళ్లన్నీ తిరిగి జాబితా రాసుకోవాలి. తర్వాత ఏ ఇల్లు వస్తే ఆ ఇంటికే వెళ్లాలి. తాళం వేసుంటే సాయంత్రం మళ్లీ, కుక్క ఉంటే కర్ర పుచ్చుకుని. రోడ్డు పక్కనే ఇల్లు, అరుగు మీద నీడ, రాగానే మజ్జిగ ఇచ్చే ఇల్లాలు... అక్కడ కూర్చుండిపోవాలనే అనిపిస్తుంది. కూర్చున్నామా, ఆ ఊళ్లో అందరికీ పాడి ఉన్నట్టు లెక్క తేలుతుంది.

చిన్నూ, నువ్వు పోయిన సెలవుల్లో అడిగావు: "వెళ్లి చూసి రాసేస్తే సరిపోదా తాతయ్యా, మళ్లీ సిద్ధాంతాలెందుకు?" అని. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చేసిన తప్పు ఒకటి చెబుతాను. అంకణాల ఇల్లు, ఒకే గుమ్మం. ముసలాయన, ముసలమ్మ, ఇద్దరు కొడుకులు, కోడళ్లు, పిల్లలు. మొత్తం పదకొండు మంది. ఒక కుటుంబం అని రాసుకున్నాను. నీళ్లు తాగుదామని పెరట్లోకి వెళితే రెండు పొయ్యిలు కనిపించాయి. ఒకదాని మీద చేపల పులుసు, ఇంకోదాని మీద ఉత్త గంజి. మా పుస్తకంలో కుటుంబమంటే ఒకే వంట తినేవాళ్లు. అంటే ఆ గుమ్మం లోపల రెండు కుటుంబాలు. పెద్దకొడుకు లారీ డ్రైవరు, చిన్నవాడికి కూలిపని. నేను రాసిన కాగితంలో పులుసూ గంజీ కలిసిపోయి, అందరూ ఒకమాదిరిగా తింటున్నట్టు వచ్చింది. కొట్టేసి మళ్లీ రాశాను. ముసలమ్మ మాత్రం, "రెండేంటి బాబూ, మేమంతా ఒకటే" అంటూనే ఉంది. ఆవిడ చెప్పిందీ అబద్ధం కాదు. కుటుంబమంటే రక్తమా, గుమ్మమా, పొయ్యా అన్నది లెక్క మొదలుపెట్టకముందే తేల్చుకోవాలి. సిద్ధాంతం అనే పెద్ద మాటకి నాకు తెలిసిన అర్థం అదేరా.

ఇక చింతపండు సంగతి. ఇది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

"పోయిన ముప్ఫై రోజుల్లో మీ ఇంట్లో చింతపండు ఎంత వాడారమ్మా?" అని అడగాలి. నూనె, కందిపప్పు, బెల్లం, అగ్గిపెట్టెలు, అన్నీ అలాగే. ఆ ఇల్లాలు దూలం కేసి చూస్తుంది. వేళ్లు ముడుస్తుంది. ముప్ఫై రోజులంటే సగం మర్చిపోతుంది కదా, వారం రోజుల లెక్కే అడిగితే పోలా అనిపిస్తుంది. 1994 నుంచి 1998 దాకా జాతీయ నమూనా సర్వేవాళ్లు అలాగే ప్రయోగం చేశారు: సగం ఇళ్లలో నెల లెక్క, మిగతా సగంలో తిండికి వారం లెక్క, బట్టలూ చదువుల్లాంటి వాటికి ఏడాది లెక్క. వారం అడిగిన ఇళ్లలో తిండి ఖర్చు దాదాపు 30 శాతం ఎక్కువ తేలింది. పేదలెందరో తేల్చేది ఈ ఖర్చుల్ని బట్టే కదా, ఆ లెక్కనే పట్టుకుంటే దేశంలో పేదల సంఖ్య సగానికి సగం పడిపోతుంది! ఒక్కరి కంచంలో కూడా ఒక్క ముద్ద పెరగలేదు. మారింది ప్రశ్న.

మరి ఏది నిజం? నెల అడిగితే మర్చిపోతారు, ఒప్పుకుంటాను. కానీ వారం అడిగితే పదిరోజుల కిందట కొన్న నూనె డబ్బా కూడా "మొన్ననే కదా" అని ఇందులోకి జరిగొస్తుంది. 1950ల మొదట్లోనే మహలనోబిస్ మనుషులు బెంగాల్ పల్లెల్లో కొన్ని ఇళ్లకు త్రాసు పట్టుకెళ్లి, వండేముందే తూచి చూశారు. నెల లెక్కే తూకానికి దగ్గరగా వచ్చిందన్నారు. అందుకే అన్నేళ్లూ ముప్ఫై రోజులు అడిగారు. అన్ని సరుకులకీ అదే నిజమా అన్నది మాత్రం ఇప్పటికీ తెగలేదు.

1999–2000 సర్వేలో ఇంకో చిత్రం జరిగింది. తిండికి వారం గడి, నెల గడి రెండూ ఒకే కాగితం మీద పక్కపక్కనే పెట్టారు. పక్కన వారం అంకె కనిపిస్తుంటే నెల అంకె దాని జాడల్లోకి పోకుండా ఉంటుందా? అరకిలో అన్న నోరే నెలకి రెండు కిలోలంటుంది. ఆ ఏడాది పేదలు 26 శాతమన్నారు. 1993–94లో 36 శాతం. ఆ తగ్గుదలలో ఎంత బతుకుది, ఎంత గడిది అని ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. 2022–23 సర్వేలో పద్ధతి మళ్లీ మారింది. ఒక్కసారి కూర్చోబెట్టి విసిగించకుండా ఒక్కో ఇంటికి మూడుసార్లు వెళ్లారు. ఊళ్లలో మనిషికి నెలకి సగటున 3,773 రూపాయల ఖర్చని తేల్చారు. 2011–12లో అది 1,430. రెండూ పక్కపక్కన పెట్టి చంకలు గుద్దుకునేవాళ్లని, గుండెలు బాదుకునేవాళ్లని, ఇద్దరినీ నేను కాసేపు ఆగమంటాను.

లెక్కలు నచ్చని సమాజ శాస్త్రవేత్తలు ఊళ్లోనే మకాం పెట్టేస్తారు. హైదరాబాదుకి దగ్గర్లో శామీర్‌పేట చెరువు చూశారుగా? ఆ ఊరిని 1950ల తొలినాళ్లలో శ్యామాచరణ్ దూబే ఉస్మానియా విశ్వవిద్యాలయం బృందంతో అధ్యయనం చేసి, 1955లో పుస్తకం తెచ్చాడు. మైసూరు వైపు ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో ఒక పల్లెలో నెలల తరబడి ఉండి, ఊరి అసలు పేరు దాచి రాంపుర అన్నాడు. 1970లో అమెరికాలో ఆయన ఉన్న చోట ఎవరో నిప్పు పెడితే, ఏళ్ల తరబడి తయారుచేసుకున్న నోట్సు కాలిపోయాయి. జ్ఞాపకం మీదే ఆధారపడి రాసిన పుస్తకం 1976లో వచ్చింది. నాకు ఆయనలో నచ్చింది జ్ఞాపకశక్తి కంటే ఒప్పుకోలు. తాను బ్రాహ్మణుడు, ఊరిపెద్ద ఇచ్చిన ఇంట్లో దిగాడు. ఆ వసారాలోకి వచ్చేవాళ్లు, రానివాళ్లు ఉంటారు. దళితవాడ నుంచి చూస్తే ఊరు వేరేగా కనిపించేదని ఆయనే రాసుకున్నాడు. బుజ్జీ, అది కూడా ఒకరకం కాలనీ గ్రూపే.

కాబట్టి ఆ ప్రాజెక్టు చింపకు. పైన ఒక వాక్యం చేర్చు: "ఈ జవాబులు మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్లవి" అని. వీలైతే ఆదివారం కాగితం పట్టుకుని ఓ పది గుమ్మాలు తిరుగు. మెట్లకిందున్న గది మర్చిపోకు.

బాబాయి చేత నాయనమ్మ సున్నుండల డబ్బా పంపుతోంది. మూత పెట్టేముందు లెక్కపెట్టి నా డైరీలో రాసుకున్నాను. అందగానే ఎన్నున్నాయో మీ అమ్మ చేత విడిగా రాయించండి. వారం తర్వాత ఎవరు ఎన్ని తిన్నారో, డబ్బా తెరవకుండా, ఒకరి కాగితం ఒకరు చూడకుండా రాయండి. అప్పుడు మూత తీసి మిగిలినవి లెక్కపెట్టి మూడు కాగితాలూ నాకు పంపండి. బాబాయికి మాత్రం డైరీ సంగతి చెప్పకండి.

ఇట్లు,
మీ తాతయ్య