కోర్డోబా కెమిస్ట్ గొడవ వెనక 20 శాతం మార్కులు

క్లారివేట్ అనే కంపెనీ ఏటా ఇచ్చే, అత్యధిక సైటేషన్లున్న (అంటే ఇతర పరిశోధకులు తమ పేపర్లలో ఎక్కువగా ప్రస్తావించిన) శాస్త్రవేత్తల జాబితా వచ్చిందంటే చాలు, స్పెయిన్ కెమిస్ట్ రఫాయెల్ లూకే పేరు మళ్లీ చర్చలోకి వస్తుంది. ఏడు వందల దాకా పేపర్లు, 2023 మొదట్లో సగటున 37 గంటలకొకటి. కోర్డోబా యూనివర్సిటీ ఆయన్ను జీతం లేకుండా 13 ఏళ్లు సస్పెండ్ చేసింది. ఇదంతా చాలామందికి తెలిసిందే. అయితే సస్పెన్షన్ పేపర్ల సంఖ్య గురించి కాదు. ఫుల్‌టైమ్ ఉద్యోగం కోర్డోబాలో చేస్తూ, పేపర్ల మీద రియాద్‌లోని కింగ్ సౌద్ యూనివర్సిటీ పేరు, మాస్కోలోని ఒక యూనివర్సిటీ పేరు వేసుకున్నారని.

నన్నడిగితే అసలు మలుపు 2003లో ఉంది. షాంఘై జియావో టోంగ్ యూనివర్సిటీ ప్రపంచ ర్యాంకింగ్ మొదలుపెట్టినప్పుడు, మొత్తం మార్కుల్లో 20 శాతం ఈ సైటేషన్ల జాబితాలో ఎంతమంది ఉన్నారన్నదానికే ఇచ్చింది. నోబెల్ గ్రహీతను తయారుచేయాలంటే తరాలు పడుతుంది, ఈ జాబితాలో ఉన్న మనిషినైతే ఒక కాంట్రాక్టుతో తెచ్చుకోవచ్చు. 2011లో సైన్స్ పత్రిక బయటపెట్టింది కూడా ఇదే: హార్వర్డ్ ఖగోళ శాస్త్రవేత్త రాబర్ట్ కిర్ష్‌నర్‌కి జెద్దాలోని కింగ్ అబ్దులజీజ్ యూనివర్సిటీ నుంచి ఈమెయిల్ వచ్చింది, ఏడాదికి 72,000 డాలర్లు, క్యాంపస్‌లో ఒకటి రెండు వారాలుంటే చాలు, జాబితాలో మీ పేరు పక్కన రెండో చిరునామాగా, అంటే మీరు పనిచేసే రెండో సంస్థగా, మా పేరు చేర్చండి అని. ఆయన ఒప్పుకోలేదు.

తర్వాత షాంఘై వాళ్లు రెండో చిరునామాను లెక్కలోంచి తీసేశారు. కంత పూడ్చామనుకున్నారు గానీ, ఇక మొదటి చిరునామాకే విలువ కాబట్టి దాన్నే మార్పించుకోవాల్సిన అవసరం మొదలైంది. మనిషి, ల్యాబ్, విద్యార్థులు అంతా ఒకచోటే, లెక్కలో మాత్రం ఇంకోచోట.

జాబితా లెక్క కూడా చూడాలి. ఒక రంగంలో, ఒక ఏడాదిలో వచ్చిన పేపర్లలో సైటేషన్ల పరంగా పై 1 శాతంలో ఉన్నవి ఎన్ని రాశారన్నదే కొలత. అందువల్ల కెమిస్ట్రీ పేపర్‌ని గణితం పేపర్‌తో పోల్చే అన్యాయం ఉండదు, అది మంచిదే. కానీ ఉత్ప్రేరకాల మీద పనిచేసే కెమిస్ట్ పేపర్లు మెటీరియల్స్, ఎనర్జీ, పర్యావరణం జర్నళ్లలోకి కూడా చెదిరిపోతాయి, ఏ ఒక్క రంగంలోనూ గీత దాటకపోవచ్చు. అలాంటివాళ్ల కోసమే క్లారివేట్ 2018లో, వేర్వేరు రంగాల్లోని పేపర్లను కలిపి చూసే క్రాస్-ఫీల్డ్ విభాగం పెట్టింది.

తాను లేకపోతే కోర్డోబా షాంఘై ర్యాంకింగ్‌లో 300 స్థానాలు పడిపోతుందన్నది లూకే వాదన. తనను తాను సమర్థించుకోవడానికి అన్నా, ఒక్క మనిషి పేరు మీద యూనివర్సిటీ ర్యాంకు ఎంత ఆధారపడి ఉందో ఆ మాటలోనే ఉంది. ఫుల్‌టైమ్ జీతం తీసుకునే ఉద్యోగి ఇంకో సంస్థ పేరు వేసుకోకూడదన్న యూనివర్సిటీ వాదన చట్టప్రకారం బలమైనదే. అయితే అది పేరు అమ్మినవాళ్లకే వర్తిస్తుంది, కొన్నవాళ్లకు కాదు.

మన దగ్గర కూడా టాప్ 2 శాతం శాస్త్రవేత్తల జాబితా రాగానే క్యాంపస్‌లలో ఫ్లెక్సీలు కడుతున్నారు. అది వేరే జాబితా, స్టాన్‌ఫర్డ్ పేరుతో చెలామణీ అవుతోంది. ఆ పేపర్లు ఏ రంగంలోవి, ఎందరు కలిసి రాశారు అని అడిగేవాళ్లు తక్కువ.

క్లారివేట్ 2023లో వెయ్యి మందికి పైగా, 2024లో రెండు వేల మందికి పైగా పరిశోధకులను అనుమానంతో పక్కన పెట్టింది. షాంఘై మాత్రం ఆ 20 శాతాన్ని కదిలించలేదు.