స్కూటర్ కొనేవాళ్లకి, సర్వీస్‌కి ఇచ్చేవాళ్లకి: కౌంటర్ లోపలి నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

చాలాకాలం ఒక టూవీలర్ డీలర్‌షిప్‌లో సర్వీస్ అడ్వైజర్‌గా పనిచేశాను. ఇప్పుడు విజయవాడలో సొంత షెడ్డు. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా 110 సీసీ స్కూటర్లే: యాక్టివా, జూపిటర్, ప్లెజర్, డియో. కూతురి కాలేజీకనో, కర్రీ పాయింట్ పనికనో, డెలివరీ ఉద్యోగానికనో వాయిదాల మీద కొన్నవి. షోరూమ్‌వాళ్లు మోసం చేస్తారా అని అందరూ అడుగుతారు. మోసం అనే మాట నేను తొందరపడి వాడను. అక్కడ సగం వ్యవహారం నోటిమాట మీద నడుస్తుంది, తేడా వచ్చినప్పుడు మాత్రం కాగితం మీద ఉన్నదే చెల్లుతుంది. కింద రాసిన అపోహల్లో చాలావరకు ఈ రెండింటి మధ్య పుట్టినవే.

అపోహ: ఆన్‌రోడ్ ధర ఫిక్స్. అందులో తగ్గేదేమీ ఉండదు.

తగ్గనివి కొన్ని ఉన్న మాట నిజం. ఎక్స్‌షోరూమ్ ధర కంపెనీది, అందులో జీఎస్టీ కలిసే ఉంటుంది (350 సీసీ వరకు టూవీలర్లకి 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది). లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు ప్రభుత్వానివి. వీటి మీద సేల్స్ కుర్రాడితో బేరమాడి లాభం లేదు.

చూడాల్సింది మిగతా లైన్లు. హ్యాండ్లింగ్ ఛార్జీలు, యాక్సెసరీస్ కిట్, టెఫ్లాన్ కోటింగ్, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కార్డు, డాక్యుమెంటేషన్ అంటూ ఇంకొకటి. ప్రభుత్వం వసూలు చేసే రుసుముల్లో హ్యాండ్లింగ్ ఛార్జీ అనేదే లేదు. "దేనికండీ ఇది?" అని అడిగి, విడిగా రసీదు ఇమ్మనండి. చాలాసార్లు ఆ లైను అక్కడితోనే తగ్గిపోతుంది, లేదా మాయమైపోతుంది. కిట్ సంగతీ అంతే. "స్టాక్ బండికి ముందే బిగించేశాం సార్" అంటారు. బిగించిన స్క్రూలే కదా, ఊడదీయమనండి. ఫ్లోర్ మ్యాట్, సీట్ కవర్ బయట కొట్లో అంతకన్నా చవగ్గా దొరుకుతాయి.

హెల్మెట్ మాత్రం వదలొద్దు. కొత్త బండితో పాటు బీఐఎస్ ప్రమాణాలున్న హెల్మెట్ కంపెనీయే ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138వ నిబంధన చెబుతోంది. దాన్ని యాక్సెసరీస్ లైన్లో వేసి డబ్బు తీసుకుంటుంటే అడగండి.

అడ్వాన్స్ కట్టకముందే అన్ని లైన్లూ విడివిడిగా రాసిన కొటేషన్ మీద షోరూమ్ సీలు వేయించుకోండి. ఒకే అంకె రాసిన విజిటింగ్ కార్డుని కొటేషన్ అనుకోవద్దు.

అపోహ: ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే తీసుకోవాలి, లేకపోతే క్యాష్‌లెస్ రాదు.

ఎక్కడైనా తీసుకోవచ్చు. క్యాష్‌లెస్ అంటే రిపేరు డబ్బు ఇన్సూరెన్స్ కంపెనీయే నేరుగా వర్క్‌షాప్‌కి కట్టడం. అది ఆ కంపెనీకి ఆ వర్క్‌షాప్‌తో ఒప్పందం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది, పాలసీ ఎవరు అమ్మారన్నదాన్ని బట్టి కాదు. కొత్త టూవీలర్‌కి 5 ఏళ్ల థర్డ్ పార్టీ (మీ బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి బీమా) తప్పనిసరి, 2018 సెప్టెంబర్ నుంచి ఇదే పద్ధతి. 75 నుంచి 150 సీసీ బళ్లకి ఆ 5 ఏళ్ల మొత్తాన్ని 2022 జూన్ నుంచి 3,851 రూపాయలుగా నిర్ణయించారు. థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం నిర్ణయించేది, ఏ కంపెనీ దగ్గరైనా ఒకటే. తేడా వచ్చేదంతా ఓన్ డ్యామేజ్ (మీ బండికి జరిగే నష్టం) భాగంలో, జీరో డెప్ (పార్టుల అరుగుదల కోత లేకుండా క్లెయిమ్) లాంటి యాడ్ఆన్‌లలో. ఇంకో బండి మీదో, విడి పాలసీగానో మీకు ఇప్పటికే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటే, దానికి మళ్లీ కట్టక్కర్లేదు. ఉందని చెప్పి రాసిస్తే సరిపోతుంది. బయట కొటేషన్ ఒకటి ఫోన్‌లో పెట్టుకుని వెళ్లండి. షోరూమ్ రేటు దిగడం మీరే చూస్తారు.

అపోహ: వడ్డీ 10 శాతమే. బ్యాంకు కన్నా నయం.

ఆ 10 ఫ్లాట్ రేటు. 60,000 అప్పు, 3 ఏళ్లు అనుకోండి. ఏడాదికి 6,000 చొప్పున 18,000 వడ్డీ, మొత్తం 78,000, నెలకి దాదాపు 2,167. మీరు నెలనెలా అసలు తీరుస్తూనే ఉన్నా వడ్డీ మాత్రం చివరిదాకా మొత్తం 60,000 మీదే లెక్కేశారు. బ్యాంకులు చెప్పే తగ్గే బాకీ లెక్కలో ఇది దాదాపు 18 శాతం. కాబట్టి శాతం అడక్కండి. చేతికి వచ్చేదెంత, మొత్తం కట్టేదెంత, ప్రాసెసింగ్ ఫీజు ఎంత అని అడగండి. అప్పు తీరాక ఎన్‌ఓసీ, ఫారం 35 (అప్పు తీరిందని ఫైనాన్స్ వాళ్లిచ్చే కాగితాలు) తీసుకుని ఆర్సీలో హైపోథికేషన్, అంటే బండి తాకట్టులో ఉందన్న నమోదు, తీయించుకోవడం చాలామంది మర్చిపోతారు. బండి అమ్మే రోజున గుర్తొస్తుంది.

అపోహ: కొత్త బండి అంటే కొత్తదే, చూసుకోవడానికేముంది.

జనవరిలో మంచి డిస్కౌంట్ ఇచ్చారంటే అది కిందటేడాది తయారైన బండి అయ్యుండొచ్చు. అందులో తప్పేమీ లేదు, మీకు తెలిసి కొంటే. చాలా కంపెనీల ఛాసిస్ నంబర్లో 10వ అక్షరం సంవత్సరాన్ని చెబుతుంది: ఆర్ అయితే 2024, ఎస్ అయితే 2025, టి అయితే 2026. తయారైన నెల, ఏడాది రేపు ఆర్సీలో కూడా వస్తాయి. అమ్మేటప్పుడు ధర కట్టేది వాటిని బట్టే. ఛాసిస్ నంబర్ ముందే తీసుకుని, అదే నంబర్ బిల్లులో, ఇన్సూరెన్స్‌లో ఉందో లేదో చూసుకోండి. రెండు తాళాలు, బ్యాటరీ వారంటీ కార్డు, టూల్ కిట్ అడిగి తీసుకోండి. పూజ చేయించి నిమ్మకాయలు తొక్కించాక వెనక్కొచ్చి గీత పడిందంటే ఎవరూ ఒప్పుకోరు.

అపోహ: ఫ్రీ సర్వీస్ అన్నారు, బిల్లు వేశారు. దోచుకుంటున్నారు.

వారానికి ఒక్కసారైనా కౌంటర్ దగ్గర ఈ గొడవ ఉండేది. ఫ్రీ అంటే లేబర్ ఫ్రీ. ఆయిల్, ఫిల్టర్, గ్రీజు లాంటి వాటికి డబ్బు కట్టాల్సిందే, ఓనర్స్ మాన్యువల్లోనే రాసి ఉంటుంది. అడగాల్సింది అది కాదు, ఆ బిల్లులో ఇంకేం చేరాయన్నది. ఇంజన్ ఫ్లష్, ఆయిల్ అడిటివ్, ఇంజెక్టర్ క్లీనర్, యాంటీ రస్ట్ కోటింగ్ లాంటివి కంపెనీ షెడ్యూల్లో ఉండవు. వాటికి అడ్వైజర్‌కి నెలవారీ టార్గెట్ ఉంటుంది. నాకూ ఉండేది. కొత్త బండికి వెయ్యి కిలోమీటర్లలో ఇంజెక్టర్ క్లీనర్ దేనికి? "మాన్యువల్లో ఏ పేజీలో ఉందండీ?" అని మర్యాదగా అడిగితే చాలు, మేం ఇంకో మాట మాట్లాడేవాళ్లం కాదు.

మొదటి సర్వీస్ మాత్రం దాటవేయొద్దు. మోడల్‌ని బట్టి 500 నుంచి 1000 కిలోమీటర్ల మధ్య, లేదా సర్వీస్ కూపన్ మీద రాసిన గడువులోపు, ఏది ముందైతే అది. బండి ఇంట్లోనే ఉంది, 200 కూడా తిరగలేదు అన్నా కూపన్ తేదీ ఆగదు. కొత్త ఇంజన్ అరుగుదలలో రాలిన లోహపు పొడి ఆ మొదటి ఆయిల్లోనే ఉంటుంది, అందుకే అది మార్చి తీరాలి.

అపోహ: సర్వీస్‌లో మైలేజ్ సెట్ చేస్తారు.

"అన్నా, మైలేజ్ కొంచెం పెంచన్నా." నా షెడ్డులో ఎక్కువగా వినపడే మాట ఇదే. కార్బురేటర్ రోజుల్లో ఎయిర్ స్క్రూ తిప్పి కొంత ఆడించేవాళ్లం. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక స్కూటర్లన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయి. పెట్రోల్ ఎంత పోయాలో సెన్సర్లు చూసి ఈసీయూ (బండిలోని చిన్న కంప్యూటర్) లెక్కేస్తుంది. తిప్పడానికి స్క్రూ లేదు. మైలేజ్ సెట్టింగ్ అని ఎవరైనా బిల్లులో రాస్తే ఏం చేశారో చూపించమనండి.

మైలేజ్ తినేవి వేరే ఉన్నాయి. టైర్లో గాలి తక్కువ. వెనక బ్రేక్ టైట్ చేసి వదిలేయడం, సెంటర్ స్టాండ్ వేసి చక్రం చేత్తో తిప్పితే తెలిసిపోతుంది. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్. ఇంటి నుంచి సెంటర్ దాకా రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపేయడం, ఇంజన్ వేడెక్కేలోపే పని అయిపోతుంది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వల్ల కూడా కొంత తగ్గుతుంది. ఇథనాల్‌లో లీటరుకి శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ మరి. బ్రోచర్లో అంకె ల్యాబ్‌లో తీసింది. మన ట్రాఫిక్‌లో 110 స్కూటర్ 45 చుట్టుపక్కల ఇస్తుంటే నా లెక్కలో బండి బాగున్నట్టే. కొలవాలంటే ఒకే బంకులో ఆటో కట్ అయ్యేదాకా కొట్టించి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, మళ్లీ అక్కడే నింపి లెక్కేయండి. వంద రూపాయల పెట్రోల్ లెక్క లెక్క కాదు.

అపోహ: హెడ్‌లైట్ ఆరట్లేదు, ఎడమ బ్రేక్ పడితే ముందు చక్రం కూడా పట్టేస్తోంది. ఫాల్టు బండి ఇచ్చారు.

రెండూ చట్టప్రకారం ఉన్నవే. 2017 ఏప్రిల్ నుంచి ఇంజన్ ఆన్‌లో ఉంటే హెడ్‌లైట్ వెలగాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు బళ్లకి కనీసం కంబైన్డ్ బ్రేకింగైనా ఉండాలి. దాన్ని ఊడదీయించుకుంటామని వచ్చేవాళ్లున్నారు, నేను చేయను.

అపోహ: అడ్వైజర్‌కి సమస్య చెప్పాం కదా, మెకానిక్ చూసుకుంటాడు.

నన్నడిగితే అన్నింటికన్నా ఖరీదైన అపోహ ఇదే.

లోపల జరిగేది చెబుతాను. మీరు మాట్లాడేది అడ్వైజర్‌తో. ఆయన జాబ్ కార్డు రాస్తాడు లేదా కంప్యూటర్లో కొడతాడు. అది ఫ్లోర్ సూపర్‌వైజర్‌కి, అక్కడి నుంచి మెకానిక్‌కి వెళుతుంది. మెకానిక్ మీ మొహం చూడడు. అతనికి ఆ రోజు ముగించాల్సిన బళ్లు వరసగా ఉంటాయి. కార్డు మీద "జనరల్ సర్వీస్, పికప్ లేదు" అని ఉంటే ఆయిల్ మార్చి, బ్రేకులు సర్ది, కడిగి బయట పెడతాడు. పికప్ లేదు అనే మాటలో అతనికి తెలిసేదేమీ లేదు. అదే "పొద్దున చల్లగా ఉన్నప్పుడు, కదిలేటప్పుడు 15, 20 స్పీడులో వణుకు, తర్వాత ఉండదు" అని ఉంటే చేయి నేరుగా క్లచ్ షూ, బెల్ దగ్గరికి వెళుతుంది. "50 దాటాక ఇంజన్ అరుస్తోంది గానీ స్పీడు పెరగట్లేదు" అంటే బెల్ట్, రోలర్లు. ఎప్పుడు, ఏ స్పీడులో, ఎక్కడి నుంచి శబ్దం అనే మూడింటినీ మీ మాటల్లోనే రాయించండి.

కిలోమీటర్ల రీడింగ్, పెట్రోల్ ఎంత ఉంది, బాడీ మీద ఉన్న గీతలు, అంచనా ఖర్చు, బండి ఇచ్చే సమయం కూడా అందులో ఉండాలి. "అంచనా దాటితే ఫోన్ చేసి అడిగాకే చేయాలి", "మార్చిన పాత పార్టులు చూపించాలి" అని రాయించి కాపీ తీసుకోండి. వారంటీలో మార్చిన పార్టుని కంపెనీకి తిప్పి పంపాలి కాబట్టి ఇవ్వరు, డబ్బు కట్టి మార్చినది చూపించాలి.

కార్డు వల్ల ఇంకో పెద్ద ఉపయోగం వారంటీ చివర్లో తెలుస్తుంది. ఇంజన్‌లో శబ్దం ఉందని మీరు ప్రతి సర్వీస్‌కీ నోటితో చెప్పారు, "అది మామూలే సార్, రన్నింగ్‌లో పోతుంది" అన్నారు. వారంటీ అయిపోయాక అదే శబ్దం పెద్దదైంది. కంపెనీ సిస్టమ్‌లో చూస్తే ఏ సర్వీస్‌లోనూ ఆ ఫిర్యాదు లేదు. మీ బండికి ఆ జబ్బు నిన్ననే వచ్చినట్టు లెక్క. "మామూలే" అన్న సమాధానమైనా సరే, కార్డులో రాసి ఇమ్మనండి.

వీలైతే శని, ఆదివారాలు వద్దు. దసరా ముందు వారం అసలే వద్దు. ఆయుధ పూజకని ఊళ్లో బళ్లన్నీ కడిగించుకోవడానికి వస్తాయి, మెకానిక్‌కి మీ క్లచ్ తెరిచి చూసే తీరిక ఉండదు.

అపోహ: బయట మెకానిక్ ముట్టుకుంటే వారంటీ పోతుంది. / వారంటీ ఉంది కాబట్టి అన్నీ ఫ్రీ.

సొంత షెడ్డు ఉన్నవాణ్ని కాబట్టి మొదటిది అబద్ధమని చెబుతాననుకుంటారు. సగం నిజమే. పంక్చర్, బల్బు, బ్రేక్ సర్దడం వల్ల ఏమీ కాదు. షెడ్యూల్ సర్వీసులు అధీకృత కేంద్రంలో చేయించకపోతే మాత్రం ఇంజన్ క్లెయిమ్ తిరస్కరించడానికి కంపెనీకి కారణం దొరుకుతుంది, వారంటీ షరతుల్లో అది ఉంటుంది. అందుకే వారంటీ ఉన్నన్నాళ్లూ అక్కడికే వెళ్లమని నా దగ్గరికి వచ్చినవాళ్లకి చెబుతాను. రెండోది పూర్తిగా తప్పు. బ్రేక్ షూ, బెల్ట్, క్లచ్ షూ, ప్లగ్, ఫిల్టర్ లాంటి అరిగే వస్తువులకి మామూలుగా వారంటీ వర్తించదు. టైర్లు, బ్యాటరీ వాటి తయారీదారుల వారంటీ కిందికి వస్తాయి.

వారంటీ అయ్యాక బయట చేయిస్తే ఆయిల్ సంగతి చూసుకోండి. స్కూటర్ క్లచ్ ఇంజన్ ఆయిల్లో మునగదు, అందుకని డబ్బా మీద జేఏఎస్ఓ ఎంబీ అని ఉన్న రకం వాడతారు, గ్రేడ్ ఎక్కువగా 10డబ్ల్యు-30. చాలా 110 స్కూటర్లకి మార్చేటప్పుడు పట్టేది లీటరు కన్నా తక్కువే. లీటరు బిల్లు వేస్తే మిగిలింది అడగండి. వెనక చక్రం దగ్గర గేర్ ఆయిల్ వేరే ఉంటుంది, అది మార్చడం షోరూమ్‌వాళ్లూ మర్చిపోతారు, మేమూ మర్చిపోతాం.

అపోహ: కౌంటర్ దగ్గర గట్టిగా అరిస్తేనే పని అవుతుంది.

అరిస్తే ఆ రోజుకి బండి ముందు కడిగి ఇస్తారు, అంతే. అడ్వైజర్ చేతిలో లేని విషయానికి వర్క్స్ మేనేజర్‌ని కలవండి. అక్కడా కాకపోతే జాబ్ కార్డు నంబర్లతో కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ రాయండి. ఫోన్ కాదు, మెయిల్. కంపెనీ నుంచి టికెట్ (నంబరు వేసిన ఫిర్యాదు) దిగితే దానికి రాతపూర్వకంగా జవాబు చెప్పుకోవాలి, అందుకే డీలర్ కదులుతాడు. అప్పటికీ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, బండి ఎక్కడ కొన్నా సరే. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. సమస్య తలెత్తిన 2 ఏళ్ల లోపు వేయాలి. దానికి జతచేయాల్సినవి కొటేషన్, బిల్లు, జాబ్ కార్డు కాపీలు, మీరు రాసిన మెయిల్.