డేటా వేర్‌హౌస్ డిజైన్ ఇంటర్వ్యూ: అపోహలు - వాస్తవాలు

పదకొండేళ్లుగా డేటా ఇంజనీరింగ్‌లో పనిచేస్తున్నాను. హైదరాబాద్‌లో గత ఐదేళ్లుగా ఇంటర్వ్యూలు కూడా చేస్తున్నాను. ఎస్‌క్యూఎల్ చకచకా రాసేవాళ్లు, పైథాన్ మీద మంచి పట్టున్నవాళ్లు కూడా డేటా వేర్‌హౌస్ (రిపోర్టుల కోసం డేటా అంతా ఒకచోట చేర్చి దాచే డేటాబేస్) డిజైన్ రౌండ్‌కు వచ్చేసరికి ఆగిపోవడం చాలాసార్లు చూశాను. వాళ్లకు తెలివి లేక కాదు. ఈ రౌండ్ గురించి నోటా నోటా తిరిగే కొన్ని మాటలు నమ్మి, నెలల తరబడి అక్కర్లేనివి చదువుకొని వస్తారు. అది చూస్తే బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఉదాహరణ మొదటి నుంచి చివరిదాకా దాదాపు ఒకటే వాడతాను: ఆర్టీసీ బస్సు టికెట్లు. అందరం ఎక్కిన బస్సే కాబట్టి కొత్తగా వివరించాల్సిన పని ఉండదు. "ఆర్టీసీ టికెట్ల కోసం ఒక డేటా వేర్‌హౌస్ డిజైన్ చేయండి" అని మిమ్మల్ని అడిగారనుకోండి. ఇక్కడ చెప్పేది ప్రాక్టీసు కోసం నేను వేసుకున్న డిజైన్ మాత్రమే, ఆర్టీసీలో వాడే సిస్టమ్ గురించి కాదు.

అపోహ: స్టార్ స్కీమా బొమ్మ గీసేస్తే పని అయిపోయినట్టే

ఎక్కువమంది ఇక్కడే మొదలుపెడతారు. మధ్యలో ఫ్యాక్ట్ టేబుల్ (కొలతలు, అంటే టికెట్ డబ్బు లాంటి అంకెలు ఉండేది), చుట్టూ తేదీ, బస్సు, రూటు, డిపో, ప్రయాణికుడు అని డైమెన్షన్లు (ఆ అంకెల వివరాలు చెప్పే టేబుళ్లు). ఐదు నిమిషాల్లో బొమ్మ సిద్ధం. ఆ బొమ్మలో తప్పేమీ ఉండదు. అప్పుడు నేను ఒక్కటే అడుగుతాను: "మధ్యలో ఉన్న ఆ టేబుల్‌లో ఒక వరుస అంటే ఏమిటి?" చాలామంది దగ్గర జవాబు ఉండదు.

నిజంగా ఆలోచించి చూడండి. కండక్టర్ మెషీన్ నుంచి వచ్చిన ఒక్కో టికెట్ ఒక్కో వరుసా? "రెండు ఫుల్లు, ఒక హాఫ్" అని ఒకే టికెట్ తీసుకుంటే అది ఒక వరుసా, మూడా? లేకపోతే ఒక బస్సు ఒక ట్రిప్పులో తెచ్చిన మొత్తం కలెక్షన్ ఒక వరుసా? ఈ మూడింటికీ బొమ్మ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. లెక్కలు మాత్రం పూర్తిగా వేరు. ట్రిప్పుకు ఒక వరుస పెట్టుకున్నాక "ఏ స్టేజీలో ఎక్కువమంది ఎక్కుతున్నారు?" అని అడిగితే మీ దగ్గర చెప్పడానికి ఏమీ మిగలదు.

ఒక వరుస అంటే ఏమిటో తేల్చే ఈ విషయాన్నే గ్రెయిన్ అంటాం. డేటా వేర్‌హౌస్ డిజైన్‌లో పేరున్న రాల్ఫ్ కింబాల్ చెప్పిన పద్ధతిలో నాలుగు మెట్లుంటాయి: ముందు ఏ వ్యాపార ప్రక్రియో తేల్చుకోవాలి, తర్వాత గ్రెయిన్, ఆ తర్వాతే డైమెన్షన్లు, చివర్లో కొలతలు. మన అభ్యర్థులు చాలామంది నేరుగా మూడో మెట్టు ఎక్కేస్తారు.

గ్రెయిన్ తేల్చకపోతే ఏమవుతుందో చిన్న లెక్కతో చూద్దాం. నలుగురికి కలిపి ఒక బుకింగ్ చేశారు. టికెట్ మనిషికి 500, బుకింగ్ మొత్తానికి రిజర్వేషన్ చార్జి 30 అనుకుందాం. కట్టింది 2030 రూపాయలు. టేబుల్‌లో మనిషికో వరుస పెట్టి, ప్రతి వరుసలో ఆ 30 కూడా రాశామంటే కూడినప్పుడు 2120 వస్తుంది. లేని 90 రూపాయలు పుట్టుకొచ్చాయి. దీన్ని రెండు రకాలుగా సరిచేయొచ్చు. చార్జిని నలుగురికీ ఏడున్నర చొప్పున పంచడం ఒకటి, బుకింగ్‌కు ఒక వరుస ఉండే ఇంకో ఫ్యాక్ట్ టేబుల్ పెట్టడం రెండోది. ఏది చెప్పినా నేను ఒప్పుకుంటాను. ఎందుకు ఎంచుకున్నారో మాత్రం చెప్పగలగాలి.

నా రెండో ఉద్యోగంలో సరిగ్గా ఈ తప్పే చేశాను. ఒక రిటైల్ క్లయింట్ పని అది. డెలివరీ చార్జి ఆర్డర్‌కు ఒకటే ఉండేది, మా టేబుల్‌లో మాత్రం వస్తువుకో వరుస. రెండు నెలలపాటు ఎవరూ గమనించలేదు. చివరికి వాళ్ల అకౌంట్స్ వాళ్లే, బ్యాంకులో పడ్డ డబ్బుతో లెక్క కలవడం లేదని పట్టుకున్నారు. ఆ రెండు నెలల రిపోర్టులన్నీ మళ్లీ తయారుచేసి ఇచ్చాం. అప్పటి నుంచి ఏ డిజైన్ మొదలుపెట్టినా కాగితం మీద మొట్టమొదట "ఒక వరుస అంటే..." అని రాసుకొని, ఆ వాక్యం పూర్తయ్యాకే ముందుకు వెళ్తున్నాను. ఇంటర్వ్యూలో మీరూ అలాగే బోర్డు మీద రాయండి.

అపోహ: ఎదురు ప్రశ్నలు వేస్తే మనకు రాదనుకుంటారు

ఇది మనవాళ్లలో బాగా నాటుకుపోయింది. అడిగిన వెంటనే జవాబు చెప్పడమే తెలివి అన్నట్టుగా బడిలో, కోచింగ్ సెంటర్లలో పెరిగాం. డిజైన్ రౌండ్‌లో ప్రశ్నను కావాలనే అసంపూర్తిగా ఇస్తారు. మిగతాది మీరు అడిగి రాబట్టుకోవాలి. ఈ డేటా చూసేదెవరు, డిపో మేనేజరా, ఫైనాన్స్ వాళ్లా, రూట్లు వేసేవాళ్లా? ఎన్నేళ్ల చరిత్ర కావాలి? రిపోర్టు ఎప్పటికి అందాలి?

ఒక్క మంచి ప్రశ్న డిజైన్ మొత్తాన్ని ఎలా మారుస్తుందో చెబుతాను. "డబ్బు తీసుకోకుండా ఇచ్చే టికెట్లు ఉంటాయా?" అని అడగండి. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది. కండక్టర్ వాళ్లకు జీరో టికెట్ ఇస్తారు. ఈ సంగతి అడగని అభ్యర్థి డేటా శుభ్రం చేసే చోట "మొత్తం సున్నా ఉన్న వరుసలు తీసేయాలి" అని అలవాటు కొద్దీ రాస్తాడు. దాంతో ఉచితంగా ప్రయాణించిన మహిళలంతా లెక్కలోంచి మాయమైపోతారు. కిక్కిరిసిన బస్సు రిపోర్టులో ఖాళీగా కనిపిస్తుంది. ఆ రిపోర్టు చూసి ఎవరైనా ఆ రూటులో ట్రిప్పులు తగ్గిస్తే ఇబ్బంది పడేది ఆ ఆడవాళ్లే.

అడిగిన అభ్యర్థి ఏం చేస్తాడంటే, కొలతలు రెండు పెడతాడు: టికెట్ అసలు విలువ, ప్రయాణికుడి దగ్గర తీసుకున్న మొత్తం. రాయితీ రకం అని ఒక డైమెన్షన్ కలుపుతాడు. ప్రభుత్వం నుంచి రావాల్సిన డబ్బు లెక్క కూడా అందులోంచే వస్తుంది. ఒక్క ప్రశ్నకు ఇంత ఫలితం. ఇలా అడిగినవాళ్లకు నేనైతే మార్కులు ఎక్కువే వేస్తాను.

అపోహ: అన్ని డైమెన్షన్లకూ టైప్ 2 పెడితే చరిత్ర భద్రం

డైమెన్షన్‌లో ఒక విలువ మారితే ఏం చేయాలన్నదానికి ఇవి పద్ధతులు: టైప్ 1 అంటే పాత విలువ చెరిపి కొత్తది రాయడం, టైప్ 2 అంటే పాత వరుసను ఒక తేదీతో ముగించి కొత్త కీతో (వరుసను గుర్తించే నంబరుతో) కొత్త వరుస చేర్చడం. ఇంతవరకు అందరూ చెబుతారు. ఆ తర్వాతే అసలు కథ.

ములుగును తీసుకోండి. 2016 అక్టోబర్ 11కు ముందు వరంగల్ జిల్లాలో ఉండేది. ఆ రోజు జిల్లాల పునర్విభజనతో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వెళ్లింది. 2019 ఫిబ్రవరి 17న ములుగే ఒక జిల్లా అయింది. టైప్ 2లో ములుగు బస్టాండుకు మూడు వరుసలు వస్తాయి, 2018లో అక్కడ కొట్టిన టికెట్లన్నీ రెండో వరుసకు ముడిపడి ఉంటాయి. ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు ఒక అధికారి "2018 నుంచి ములుగు జిల్లా ఆదాయం ఎలా పెరిగింది?" అని అడిగారు. మీ రిపోర్టులో 2018కి ములుగు జిల్లా ఆదాయం సున్నా! చరిత్ర ప్రకారం అది నిజమే, అప్పటికి ఆ జిల్లానే లేదు. కానీ ఆయనకు కావాల్సింది ఇప్పటి హద్దుల ప్రకారం పాత లెక్క.

కాబట్టి ప్రతి వరుసలో అప్పటి జిల్లాతో పాటు ఇప్పటి జిల్లా అని ఇంకో కాలమ్ ఉంచుకోవాలి. ఇప్పటి జిల్లా మారినప్పుడు పాత వరుసలన్నిటిలోనూ దాన్ని మార్చేయాలి. టైప్ 6 అని పిలిచేది దీన్నే. పేరు గుర్తులేకపోయినా ఫర్వాలేదు, "అప్పుడు ఎలా ఉందో కావాలా, ఇప్పటి లెక్కన కావాలా?" అని అడగడం వస్తే చాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. అక్కడి డేటా మీద పనిచేసినవాళ్లకు ఈ ప్రశ్న విలువ బాగా తెలుసు.

ఇంకో సంగతి. 2018 టికెట్ల ఫైలు ఒకటి ఆలస్యంగా ఈ రోజు వచ్చిందనుకోండి. దాన్ని ఈ రోజు చెల్లే వరుసకు కాకుండా, టికెట్ కొట్టిన తేదీకి చెల్లే వరుసకు కలపాలి. టైప్ 2 గురించి గడగడా చెప్పినవాళ్లు కూడా చాలామంది ఇక్కడ తడబడతారు. ఇక కండక్టర్ పేరులో అక్షరదోషం దిద్దడం లాంటి వాటికి టైప్ 1 చాలు. తప్పును చరిత్రగా దాచుకోవాల్సిన పనిలేదు.

అపోహ: ఫ్యాక్ట్ టేబుల్‌లో ఉన్న నంబర్లన్నీ కూడొచ్చు, సగటు తీయొచ్చు

ఆర్టీసీలో ఆక్యుపెన్సీ రేషియో (సీట్లు ఎంత శాతం నిండాయో చెప్పేది) అనే మాట రోజూ వినిపిస్తుంది. యాభై సీట్ల బస్సు 10 కిలోమీటర్లు నిండుగా నడిచింది, నూటికి నూరు శాతం. ఇంకో యాభై సీట్ల బస్సు 200 కిలోమీటర్లు సగం ఖాళీగా నడిచింది, 50 శాతం. రెండింటి సగటు 75 అని రిపోర్టులో పెట్టారంటే పొరపాటు. మొదటి బస్సుకు 500 సీటు-కిలోమీటర్లు (సీట్లను కిలోమీటర్లతో గుణిస్తే వచ్చేది) ఉంటే 500 నిండాయి, రెండోదానికి 10,000 ఉంటే 5,000 నిండాయి. మొత్తం 10,500లో 5,500, అంటే 52 శాతం పైచిలుకు. అందుకే శాతాన్ని దాచుకోకుండా పై సంఖ్య, కింది సంఖ్య విడివిడిగా దాచుకోవాలి. భాగించడం చివర్లో చేయాలి.

బ్యాంకు బ్యాలెన్సుది ఇంకో రకం. ఖాతాల మీదుగా కూడొచ్చు, రోజుల మీదుగా కూడకూడదు.

అపోహ: స్నోఫ్లేక్ నేర్చుకుంటే స్నోఫ్లేక్ స్కీమా వచ్చినట్టే

పేరు తప్ప రెండింటికీ సంబంధం లేదు. ఒకటి 2012లో మొదలైన కంపెనీ, దాని క్లౌడ్ డేటా వేర్‌హౌస్ ప్రొడక్టు. రెండోది డైమెన్షన్‌ను ఇంకా చిన్న టేబుళ్లుగా విడదీసే పద్ధతి, ఆ కంపెనీ పుట్టకముందు నుంచీ ఉన్నది.

అపోహ: క్లౌడ్ వచ్చాక మోడలింగ్‌కు కాలం చెల్లింది, ఒక్క వెడల్పాటి టేబుల్ చాలు

ఇందులో కొంత నిజం ఉంది కాబట్టే గట్టిగా ప్రచారమైంది. వెడల్పాటి టేబుల్ అంటే డైమెన్షన్ల వివరాలన్నీ కలిపేసిన ఒకే టేబుల్. బిగ్‌క్వెరీ, రెడ్‌షిఫ్ట్ లాంటి క్లౌడ్ డేటా వేర్‌హౌస్‌లు డేటాను కాలమ్‌ల వారీగా దాస్తాయి. టేబుల్‌లో 200 కాలమ్‌లు ఉన్నా మీరు అడిగిన నాలుగే చదువుతాయి. అందువల్ల వెడల్పాటి టేబుల్ ఒకప్పటిలా భారం కాదు. నేనూ వాడతాను.

అయితే ఆ వెడల్పాటి టేబుల్‌కూ గ్రెయిన్ ఉంటుంది. ఆ 90 రూపాయల తప్పు అందులో ఇంకా తేలిగ్గా జరుగుతుంది. ఇప్పటి జిల్లా మారితే డైమెన్షన్‌లో కొన్ని వరుసలు మారిస్తే సరిపోయేది, ఇక్కడ కోట్ల టికెట్ల వరుసలు తిరగరాయాలి. పైగా రేపు డీజిల్ ఖర్చుల టేబుల్ వస్తుంది. డిపో వారీగా ఆదాయం, ఖర్చు పక్కపక్కన చూపాలంటే రెండింటికీ ఒకటే డిపో డైమెన్షన్ ఉండాలి. కింద స్టార్ స్కీమా, దాని మీద రిపోర్టుల కోసం వెడల్పాటి టేబుల్ అన్నది నాకు నచ్చిన జవాబు. తేదీ వారీగా పార్టిషన్ చేస్తాననడం, అంటే టేబుల్‌ను తేదీల ముక్కలుగా దాచి కావాల్సిన ముక్కలే చదివేలా చేస్తాననడం మరవకండి. బిగ్‌క్వెరీలో ఆన్-డిమాండ్ పద్ధతిలో క్వెరీ ఎంత డేటా చదివితే అంతకు బిల్లు పడుతుంది.

అపోహ: ఎన్ని టూల్స్ పేర్లు చెబితే అంత బరువు

కాఫ్కా (డేటాను పుట్టిన వెంటనే చేరవేసేది), స్పార్క్ (పెద్ద డేటాను ప్రాసెస్ చేసేది), ఎయిర్‌ఫ్లో (జాబ్‌లను వేళకు నడిపించేది) అని వరసగా డబ్బాలు గీసిన ఒక అభ్యర్థిని "ఈ రిపోర్టు ఎప్పుడు చూస్తారు?" అని అడిగాను. "రోజూ పొద్దున్నే సార్" అన్నాడు. అలాంటప్పుడు రాత్రి ఒకసారి నడిచే జాబ్ చాలు. కాఫ్కా ఎందుకో అతను చెప్పలేకపోయాడు.

టూల్స్ కంటే నేను వినాలనుకునేవి వేరే ఉన్నాయి. ఒకే ఫైలు పొరపాటున రెండుసార్లు లోడ్ అయితే ఏం జరుగుతుంది? మెషీన్ నంబరు, టికెట్ నంబరు, తేదీ కలిపి చూసి రెండోసారి వచ్చినదాన్ని ఆపగలరా? హైదరాబాద్ నుంచి రాత్రి తొమ్మిదికి తిరుపతి బయల్దేరిన బస్సులో పన్నెండున్నరకు కొట్టిన టికెట్ ఏ రోజు ఆదాయం? సర్వీసు తేదీ, టికెట్ తేదీ, డేటా మన దగ్గరికి చేరిన తేదీ, ఇలా మూడు ఉంచుకుంటానన్న అమ్మాయి ఒకరు ఆ రౌండ్ అక్కడితోనే గెలిచింది.

అపోహ: ఊబర్, అమెజాన్ డిజైన్లు బట్టీపడితే గట్టెక్కొచ్చు

అమీర్‌పేట నోట్సుల్లోనైనా, ఇంకెక్కడ దొరికినా, ఆ రెడీమేడ్ డిజైన్లు ఒక్క షరతు మార్చగానే కూలిపోతాయి. వాటి బదులు మీకు బాగా తెలిసిన పనిని ఎంచుకోండి. మీ ఊళ్లో పాల కేంద్రం ఉంటే దాన్నే తీసుకోండి. రైతు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పాలు పోస్తాడు. ప్రతిసారీ లీటర్లు, వెన్న శాతం రాస్తారు, దాన్ని బట్టి డబ్బులిస్తారు. ఒక వరుస అంటే ఏమిటో ముందు రాయండి. తర్వాత డక్‌డీబీ అనే డేటాబేస్‌ను ల్యాప్‌టాప్‌లో ఉచితంగా పెట్టుకొని, ఒక ఇరవై వరుసలు మీరే వేసి మూడు ప్రశ్నలు అడగండి. వచ్చిన జవాబులను కాగితం మీద చేత్తో వేసిన లెక్కతో సరిపోల్చండి. పొద్దున ఆరు లీటర్లు, 6 శాతం. సాయంత్రం నాలుగు లీటర్లు, 7 శాతం. ఆ రోజు వెన్న శాతం మీ క్వెరీలో 6.5 అని వస్తే, ఆక్యుపెన్సీ రేషియో దగ్గరికి వెళ్లి ఇంకోసారి చదవండి. 6.4 రావాలి.