బడి గోడ దాటి వచ్చిన పీపా పాట

1940ల్లో కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో ఒక మధ్యతరగతి ఇంటి పిల్లవాడు, ఉక్కు డ్రమ్ముతో చేసే స్టీల్‌ప్యాన్ వాయిస్తూ దొరికిపోతే ఇంట్లో దెబ్బలు ఖాయం. అది రౌడీల వాయిద్యం, పోలీసులు వెంటపడే వాయిద్యం. పరువుగల ఇంటి పిల్లలు దాని వైపు కూడా వెళ్లకూడదు. అదే దేశం 2025 ఆరంభంలో తన రాజముద్ర మీద ఉన్న కొలంబస్ ఓడలు మూడింటినీ తీసేసి, వాటి స్థానంలో స్టీల్‌ప్యాన్‌ను పెట్టాలని పార్లమెంటులో చట్టం చేసింది. ఈ రెండింటికీ మధ్య ఎనభై ఏళ్లు. ఆ దారిలో ఒక ముఖ్యమైన మలుపు బడి దగ్గర, అందులోనూ బోర్డింగ్ బడి దగ్గర వచ్చింది. తొలినాటి బడి బ్యాండ్లలో వాయించిన పిల్లలు ఇప్పుడు ఎనభై దాటిన ముసలివాళ్లు. ఆ రోజుల గురించి వాళ్లు చెప్పే జ్ఞాపకాలు సరిగ్గా అర్థం కావాలంటే ఆ డ్రమ్ము ఎక్కడినుంచి వచ్చిందో ముందు తెలియాలి. ఇది ఆ నేపథ్యం.

1884 దగ్గర మొదలుపెడదాం. ట్రినిడాడ్ అప్పుడు బ్రిటిష్ వలస. బానిసత్వం నుంచి బయటపడ్డ ఆఫ్రికా మూలాలవాళ్లు ఏటా వచ్చే వీధి పండుగ కార్నివాల్ రోజుల్లో కాగడాలతో, కర్రలతో, డోళ్లతో ఊరేగేవాళ్లు. ఆ ఊరేగింపును ‘కాన్‌బులే’ అనేవారు. 1881లో దాన్ని ఆపబోయి పోలీసులు జనంతో కలబడ్డారు. మూడేళ్ల తర్వాత డోళ్ల మోత మీద చట్టమే వచ్చింది. అదే 1884 అక్టోబరులో శాన్ ఫెర్నాండో ఊళ్లోకి మొహర్రం ఊరేగింపు రాకూడదని ఆంక్ష పెట్టారు. వచ్చినవాళ్ల మీద కాల్పులు జరిపారు. చెరకు తోటల కూలీలు పలువురు చనిపోయారు. మనం పీర్ల పండుగ అనే దాన్ని అక్కడ ‘హోసే’ అంటారు. అందులో మోగేది తాషా, మన హైదరాబాద్ వీధుల్లో వినిపించే తాషాకు చుట్టమే. 1845 నుంచి 1917 దాకా ఒప్పందపు కూలీలుగా ఆ దీవికి వెళ్లిన లక్షా నలభై వేల మందికి పైగా భారతీయుల్లో ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్లారు, కొంతమంది మద్రాసు రేవు నుంచి. ఆ మద్రాసు ఓడల్లో తెలుగు మాట్లాడేవాళ్లూ ఉన్నారు. ఒకే ఏడాది ఇటు ఆఫ్రికా డోలు, అటు తాషా రెండూ తెల్లదొరల కంటికి ప్రమాదంగా కనబడ్డాయన్న సంగతి నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

డోలు పోయాక జనం వెదురు పట్టుకున్నారు. రకరకాల పొడవుల్లో కోసిన వెదురు బొంగుల్ని నేలకేసి కొడితే ఒక్కొక్కటి ఒక్కో మోత మోగుతుంది. దాన్ని ‘టాంబూ బాంబూ’ అన్నారు. బొంగులు పగిలిపోతాయి, నేలకేసి కొట్టేవాడి చెయ్యి నొప్పెడుతుంది. 1930ల చివరికొచ్చేసరికి వెదురు పక్కన ఇనుప సామాను చేరింది. బిస్కెట్ డబ్బాలు, రంగు డబ్బాలు, చెత్తకుండీలు, మోటారు బండ్ల బ్రేకు డ్రమ్ములు. ఏ డబ్బా అయినా కొట్టగా కొట్టగా సొట్టపడుతుంది. సొట్టపడ్డచోట మోత మారుతుంది. ఆ తేడాను వినగలిగిన చెవులు రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ పేదవాడల్లో ఉన్నాయి.

యుద్ధం వల్ల 1942 నుంచి కార్నివాల్ ఆపేశారు. చాగ్వారామస్‌లో, వాలర్ ఫీల్డ్‌లో అమెరికా సైనిక స్థావరాలు వెలిశాయి. ట్రినిడాడ్ చమురు దేశం, 55 గ్యాలన్ల ఉక్కు డ్రమ్ములకు అక్కడ కొదవలేదు. 1945 మే నెలలో ఐరోపాలో యుద్ధం ముగిసిందన్న కబురు రాగానే జనం డబ్బాలు, డ్రమ్ములు పట్టుకుని వీధుల్లోకి వచ్చేశారు. అప్పటికే జాన్ జాన్ వాడ కుర్రాడు విన్‌స్టన్ ‘స్ప్రీ’ సైమన్ చిన్న డబ్బా మీద పాటలు పలికిస్తున్నాడు. వుడ్‌బ్రూక్ వాడలోని ఇన్వేడర్స్ బ్యాండ్ నాయకుడు ఎల్లీ మానెట్ డ్రమ్ము ముఖాన్ని పైకి ఉబ్బించకుండా లోపలికి మూకుడులా వంచాడు, కొట్టే పుల్లకు రబ్బరు చుట్టాడు. నెవిల్ జూల్స్, ఆంటొనీ విలియమ్స్, బెర్టీ మార్షల్ తలో మెరుగు దిద్దారు. ఏది ఎవరు మొదట చేశారన్న వాదన అక్కడ ఇప్పటికీ ఆగలేదు. ఆగాల్సిన అవసరం కూడా లేదు. పేర్లు వేరైనా వాళ్లంతా ఒకే రకం వాడల కుర్రాళ్లు, సంగీతం బడిలో నేర్చుకోనివాళ్లు.

ప్యాన్ తయారీ చెప్పకుండా ఈ కథ ముందుకు పోదు. డ్రమ్మును బోర్లించి దాని అడుగును సమ్మెటతో గంటల తరబడి కొట్టి గిన్నెలా లోతు చేస్తారు. ఆ గిన్నెలో ఒక్కో స్వరానికి ఒక్కో గడి గీసి, గడి అంచు వెంట మొద్దు ఉలితో గాడి కొడతారు. డ్రమ్ము పక్కల్ని కోస్తారు. సన్నని స్వరం కావాలంటే పొట్టిగా, బేస్ కావాలంటే డ్రమ్ము డ్రమ్ముగానే ఉంచేస్తారు. తర్వాత నిప్పు మీద కాల్చి, చిన్న సుత్తితో ఒక్కో గడినీ కిందినుంచి పైకి, పైనుంచి కిందికి తడుతూ శృతి చేస్తారు. ఈ చివరి పని అందరికీ రాదు. దాన్ని చేసేవాణ్ణి ట్యూనర్ అంటారు. పాతిక మంది వాయించే బ్యాండ్ ఒక్క ట్యూనర్ చెవి మీద ఆధారపడి ఉంటుంది.

వాయించేచోటు ప్యాన్‌యార్డ్. ఇన్వేడర్స్ యార్డ్ క్వీన్స్ పార్క్ ఓవల్ క్రికెట్ మైదానం ఎదురుగా, సీమపనస చెట్టు కింద ఉండేది. యార్డ్ అంటే బ్యాండ్ మాత్రమే అనుకోకూడదు, అది ఒక వాడ జెండా. బ్యాండ్లకు పేర్లు హాలీవుడ్ సినిమాల నుంచి, యుద్ధం వార్తల నుంచి వచ్చాయి: డెస్పరాడోస్, కాసాబ్లాంకా, టోక్యో, రెనెగేడ్స్. కార్నివాల్‌లో రెండు బ్యాండ్లు ఎదురుపడితే రాళ్లు, సీసాలు, కత్తులు లేచేవి. 1950 కార్నివాల్‌లో ఇన్వేడర్స్, టోక్యో తలపడ్డ గొడవ మీద, ఊరి సంగతులు పాడే కాలిప్సో బాణీలో ఒక పాటే పుట్టింది. వాయించేవాళ్లను ‘బ్యాడ్ జాన్’, అంటే రౌడీ, అనేవాళ్లు. ఇంట్లో దెబ్బలకు కారణం అదే. తల్లిదండ్రుల భయం ఉత్తుత్తిది కాదు. కానీ ఆ భయంలో రంగు పట్ల, పేదరికం పట్ల చిన్నచూపు కూడా కలిసే ఉంది.

ఆ చిన్నచూపు కొంచెం కొంచెంగా కరిగిన ఏళ్లు 1949 నుంచి 1952 దాకా. ప్రభుత్వం స్టీల్‌బ్యాండ్ల మీద ఒక కమిటీ వేసింది. ఆల్బర్ట్ గోమ్స్ లాంటి రాజకీయ నాయకులు బాహాటంగా వాటి తరఫున నిలబడ్డారు. నాట్యకారిణి బెరిల్ మెక్‌బర్నీ తన లిటిల్ కరీబ్ నాట్యశాలలో ఇన్వేడర్స్ చేత వాయింపించి, ఎప్పుడూ యార్డ్ ముఖం చూడని పెద్దలను కుర్చీల్లో కూర్చోబెట్టి వినిపించింది. 1950లో బ్యాండ్ల సంఘం ఏర్పడింది. 1951లో లండన్‌లో జరిగే ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్‌కు ఒక జట్టును పంపుదామనుకున్నారు. వేర్వేరు యార్డుల నుంచి, అంటే నిన్నటిదాకా కొట్టుకున్న బ్యాండ్ల నుంచి, ఏరిన కుర్రాళ్లతో ట్రినిడాడ్ ఆల్ స్టీల్ పెర్కషన్ ఆర్కెస్ట్రా తయారైంది. క్లుప్తంగా టాస్పో. దాన్ని నడిపింది జోసెఫ్ గ్రిఫిత్ అనే పోలీసు బ్యాండ్ మాస్టర్. అన్ని ప్యాన్‌లలోనూ పన్నెండు స్వరస్థానాలూ ఉండాలని ఆయన పట్టుబట్టాడు. ఒక్క డ్రమ్ములో పట్టకపోతే రెండు మూడు డ్రమ్ములు కలిపి ఒక వాయిద్యంగా చేయించాడు. జులై 26న లండన్ సౌత్ బ్యాంక్‌లో వాళ్లు వాయిస్తే జనం నోరెళ్లబెట్టి విన్నారు. మరుసటి ఏడాదే ట్రినిడాడ్ మ్యూజిక్ ఫెస్టివల్‌లో స్టీల్‌బ్యాండ్లకు పోటీ పెట్టారు.

ఇక్కడే బడి పిల్లలు కథలోకి వస్తారు. నిజానికి వాళ్లు అంతకుముందే గోడ దూకి వచ్చారు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో పెద్ద పేరున్న సెయింట్ మేరీస్ కాలేజీ కుర్రాళ్లు, ఎక్కువగా తెల్లటి, లేత రంగు కుటుంబాలవాళ్లు, 1950 ప్రాంతంలో డిక్సీల్యాండ్ అనే బ్యాండ్ పెట్టుకున్నారు. దానికి కర్టిస్ పియెర్ నాయకుడిగా పేరు తెచ్చుకున్నాడు. ఇలాంటివాటిని ‘కాలేజ్ బాయ్స్’ బ్యాండ్లు అన్నారు. హిట్ పరేడర్స్, సిల్వర్ స్టార్స్ లాంటివి వెనకే వచ్చాయి. హేజల్ హెన్లీ నాయకత్వంలో చదువుకున్న ఆడపిల్లలు ‘గర్ల్ ప్యాట్’ అనే బ్యాండ్ కట్టారు. 1963లో సిల్వర్ స్టార్స్ కార్నివాల్‌లో ఆ ఏటి ఉత్తమ బ్యాండ్‌గా గెలిచింది.

అయితే బోర్డింగ్ బడి సంగతి వేరు. టునపూనా పైన కొండ మీద మౌంట్ సెయింట్ బెనెడిక్ట్ మఠం ఉంది. 1912లో బ్రెజిల్ నుంచి వచ్చిన బెనెడిక్టైన్ సన్యాసులు దాన్ని స్థాపించారు. వాళ్లే అక్కడ మగపిల్లలకు ఆబీ స్కూల్ అనే బోర్డింగ్ బడి నడిపారు. ట్రినిడాడ్ పిల్లలతో పాటు చుట్టుపక్కల దీవుల పిల్లలు, సముద్రం అవతల వెనెజ్వెలా నుంచి ఇంగ్లిష్ నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలు అక్కడ ఉండేవాళ్లు. ఊళ్లో బడికి వెళ్లే కుర్రాడు సాయంత్రం సైకిలు తిప్పుకుని ప్యాన్‌యార్డ్ కంచె దగ్గర నిలబడగలడు. కొండ మీది హాస్టల్ పిల్లవాడికి ఆ వీలు లేదు. గంట కొడితే లేవాలి, గంట కొడితే ప్రార్థన, గంట కొడితే పడక. అలాంటి బడిలో పిల్లవాడు యార్డ్‌కు పోలేడు కాబట్టి, ప్యానే కొండెక్కి అతని దగ్గరికి రావాలి. అంటే ఒక పెద్దమనిషి ఒప్పుకోవాలి. డ్రమ్ములు కొండ మీదికి మోసుకురావాలి. మోత ప్రార్థనకు, చదువుకు అడ్డురాని ఒక షెడ్డో, మూలో చూపించాలి. అన్నిటికీ మించి కింద వాడ నుంచి ఒక ట్యూనర్‌ను పిలవాలి. బోర్డింగ్ బడి బ్యాండ్ అంటే బడి పెద్దలు తెలిసి, తలుపు తీసి, లోపలికి రమ్మన్న బ్యాండ్. అందుకే నాకు ఊరి కాలేజీ బ్యాండ్ల కన్నా ఈ హాస్టల్ బ్యాండ్లే పెద్ద మార్పుకు గుర్తుగా కనిపిస్తాయి.

నేర్చుకునే పద్ధతి యార్డ్‌లో ఎలాగో బడిలోనూ అలాగే. నొటేషన్ కాగితం లేదు. తెలిసినవాడు ఒక చిన్న ముక్క వాయిస్తాడు, పక్కవాడు అది చేతికి వచ్చేదాకా తిరగేస్తాడు, తర్వాత ఇంకో ముక్క. కొత్తవాళ్ల కోసం గడుల్లో స్వరాల పేర్లు రాసి పెడతారు. ఇది మన దగ్గర గురువు ముందు కూర్చుని పాఠం చెప్పించుకున్నట్టే ఉంటుంది. లాటిన్, లెక్కలు పుస్తకంలోంచి చదివే పిల్లలకు, చెవితో మాత్రమే నేర్చుకునే చదువు ఒకటుందని తెలియడం చిన్న విషయం కాదు. సెలవులకు ఇళ్లకు పోయినప్పుడు ఆ చేతివాటం కూడా వాళ్లతో పాటే పడవెక్కేది.

వాళ్ల మీద నాకు ప్రేమ ఉంది. కానీ ఒక మాట చెప్పకపోతే ఈ నేపథ్యం అబద్ధమవుతుంది. ఒకే ప్యాన్, ఒకే పాట. బెహైండ్ ద బ్రిడ్జ్ అని పిలిచే పేదవాడల కుర్రాడి చేతిలో అది పోలీసు లాఠీని పిలిచింది. కాలేజీ కుర్రాడి చేతిలో క్లబ్బులకు, హోటళ్లకు, విందులకు ఆహ్వానం తెచ్చింది. కనిపెట్టినవాడు బయట నిలబడ్డాడు, నేర్చుకున్నవాడు లోపల కూర్చున్నాడు. ఆ కుర్రాళ్లు వాయించడం వల్లే ప్యాన్ మీది మచ్చ కొంత పోయిందన్నది కూడా నిజమే. పెద్ద ఇళ్లవాళ్లు తమ పిల్లల చేతుల్లో చూశాకే దాన్ని సంగీతం అన్నారు. తర్వాత కంపెనీలు ముందుకొచ్చాయి. షెల్ ఇన్వేడర్స్, ఎస్సో ట్రిపోలీ, ప్యాన్ యామ్ నార్త్ స్టార్స్ అని బ్యాండ్ల పేర్ల ముందు కంపెనీల పేర్లు చేరాయి. 1962లో స్వాతంత్య్రం వచ్చింది. 1963లో స్టీల్‌బ్యాండ్ల పనోరమా పోటీ మొదలైంది, తొలి ఏడు నార్త్ స్టార్స్ గెలిచింది.

దేశం దాటిన కథ త్వరగా చెబుతాను. టాస్పోలో వాయించిన స్టెర్లింగ్ బెటన్‌కోర్ట్ లండన్‌లోనే ఉండిపోయాడు, ఆ తర్వాతి దశాబ్దాల్లో అక్కడి బడుల్లోకి ప్యాన్ వెళ్లింది. అమెరికా నౌకాదళం 1957లో తన సొంత స్టీల్‌బ్యాండ్ పెట్టుకుంది. ఎల్లీ మానెట్ అమెరికా వెళ్లి విశ్వవిద్యాలయంలో ప్యాన్ తయారీ నేర్పాడు. ఏ బడికీ పోయి సంగీతం నేర్చుకోని మనిషి అక్కడ గురువయ్యాడు.

ట్రినిడాడ్‌లో మాత్రం బడి తలుపు దగ్గర ఇంకో గొడవ మిగిలింది. 1992లో ప్యాన్‌ను జాతీయ వాయిద్యంగా ప్రకటించారు. బడుల్లో ప్రభుత్వ ఖర్చుతో ప్యాన్ నేర్పాలన్న మాట వచ్చినప్పుడు, భారతీయ మూలాల హిందూ సంఘాలు మరి మా హార్మోనియం సంగతేంటని అడిగాయి. ఆ వాదన ఏళ్ల తరబడి నడిచింది. ఆ ప్రశ్నలో న్యాయం ఉందనే నేను అనుకుంటాను. తాషాకూ 1884 గాయం ఉంది కదా. కానీ ప్యాన్ ఒక జాతి సొత్తన్న మాటకు జిట్ సమరూ అనే పేరు ఒక్కటే చాలిన జవాబు. లోపినో లోయలో పుట్టిన ఈ భారతీయ మూలాల సంగీతకారుడు రెనెగేడ్స్ బ్యాండ్‌కు పాటలు కూర్చి తొమ్మిది పనోరమాలు గెలిపించాడు. తర్వాత బడుల్లో ప్యాన్ నేర్పే ‘ప్యాన్ ఇన్ ద క్లాస్‌రూమ్’ కార్యక్రమాన్ని విస్తరించి ఇతర సంప్రదాయాల సంగీతాన్నీ అందులో చేర్చారు. 2023లో ఐక్యరాజ్య సమితి ఆగస్టు 11ను ప్రపంచ స్టీల్‌ప్యాన్ దినోత్సవంగా ప్రకటించింది.

తొలినాటి బడి ప్యాన్‌లు ఇప్పుడు దొరకడం కష్టం. ఉక్కు తుప్పు పడుతుంది, శృతి సడలుతుంది, పాత డ్రమ్మును పారేసి కొత్తది తెచ్చుకుంటారు. 1950ల్లో అమెరికా రికార్డింగ్ ఇంజనీరు ఎమరీ కుక్ లాంటివాళ్లు కరీబియన్ బ్యాండ్లను రికార్డు చేశారు గానీ, బడి పిల్లల మోత టేపుల దాకా వచ్చింది తక్కువ. కాబట్టి ముసలివాళ్ల మాటే ఇప్పుడు ఆధారం. ఎవరు ఏ ప్యాన్ వాయించారు, మొదటి కచేరీ ఎక్కడ, ఏ ఫాదర్ ఒప్పుకున్నారు అన్నవి అడక్కుండానే చెబుతారు. ఇంకొకటి మనం అడిగి చెప్పించుకోవాలి. కొండ కింది నుంచి సుత్తి పట్టుకుని నడిచి వచ్చి ఆ డ్రమ్ములకు శృతి పెట్టిన మనిషి ఎవరు, ఏ యార్డ్‌వాడు, అతన్ని ఏ పేరుతో పిలిచేవారు?