కాలేజీ పురుషుల వాలీబాల్: టోర్నీలో జట్లు పెరిగితే అసలు మారేదేమిటి? అపోహలు - వాస్తవాలు

అమెరికాలో కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. దాని పురుషుల వాలీబాల్ జాతీయ చాంపియన్‌షిప్ 1970లో మొదలైంది. 2013 దాకా నాలుగు జట్లే ఆడేవి. 2014లో ఆరు, 2018లో ఏడు, 2024లో ఎనిమిది, 2025లో తొమ్మిది అయ్యాయి. దాన్ని పన్నెండుకు పెంచాలా వద్దా అన్న వాదన మొదలైతే చాలామంది మొత్తం ఎన్ని జట్లన్న అంకె పట్టుకుని కూర్చుంటారు. డ్రా వేసేవాళ్లకు ఆ అంకె కన్నా మూడు విషయాలు ముఖ్యం: ఎంపిక కమిటీ చేతిలో ఎన్ని బెర్తులు (టోర్నీలో చోట్లు) ఉన్నాయి, బై (ఒక రౌండు ఆడకుండానే ముందుకు పోయే వీలు) ఎవరికి దక్కుతుంది, మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య ఎన్ని గంటల విరామం ఉంటుంది.

అపోహ: ఆరు నుంచి తొమ్మిదికి పెంచారు కాబట్టి, బలమైన జట్లకు మూడు అదనపు అవకాశాలు వచ్చాయి.

ఒక్కటి కూడా రాలేదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

బెర్తులు రెండు రకాలు. సీజనంతా తమలో తాము ఆడుకునే జట్ల లీగును కాన్ఫరెన్సు అంటారు. దాని విజేతకు నేరుగా దక్కేది ఆటోమేటిక్ బెర్తు. మిగిలిన జట్లలోంచి కమిటీ ఏరి ఇచ్చేది ఎట్-లార్జ్ బెర్తు. నాలుగు జట్ల కాలంలో ఎంపీఎస్ఎఫ్ (పడమర), ఎంఐవీఏ (మధ్య పశ్చిమం), ఈఐవీఏ (తూర్పు) కాన్ఫరెన్సుల విజేతలకు మూడు పోగా మిగిలేది ఒక్క ఎట్-లార్జ్. 2014లో కాన్ఫరెన్స్ కరోలినాస్‌కు ఆటోమేటిక్ బెర్తు ఇచ్చి, ఎట్-లార్జ్‌ను రెండు చేశారు. అది ఆరు. 2018లో బిగ్ వెస్ట్ కాన్ఫరెన్సు పురుషుల వాలీబాల్ మొదలుపెట్టింది, ఏడు. 2024లో నల్లజాతి విద్యార్థుల కోసం చారిత్రకంగా ఏర్పడిన కాలేజీలున్న ఎస్ఐఏసీ కాన్ఫరెన్సు వచ్చింది, ఎనిమిది. 2025లో నార్త్‌ఈస్ట్ కాన్ఫరెన్సు, తొమ్మిది.

అంటే 2014 తర్వాత పెరిగిన ప్రతి చోటూ కొత్త కాన్ఫరెన్సుకే పోయింది. ఎట్-లార్జ్ రెండు దగ్గరే ఆగింది. దేశంలో నాలుగో ర్యాంకులో ఉండి కాన్ఫరెన్సు ఫైనల్లో ఓడిన జట్టుకు 2014లో ఎంత భయమో, 2025లోనూ అంతే. దానికి తోడు ఇంకో చిక్కు. కాన్ఫరెన్సు టోర్నీలో ఎవరూ ఊహించని జట్టు గెలిస్తే ఆటోమేటిక్ బెర్తు దానికి పోతుంది, ఓడిన బలమైన జట్టు ఎట్-లార్జ్ వరసలోకి వస్తుంది. ఉన్న రెండింట్లో ఒకటి అలా పోతే, ఆ మ్యాచ్‌తో ఏ సంబంధమూ లేని మూడో జట్టు ఇంట్లో కూర్చుంటుంది. ఎట్-లార్జ్ ఐదు ఉంటే ఇలాంటి దెబ్బను తట్టుకోవచ్చు. రెండే ఉంటే కష్టం.

అపోహ: ఒక జట్టు పెరిగితే ఒక మ్యాచ్ పెరుగుతుంది, అంతకుమించి ఏముంది?

నాకౌట్‌లో జట్ల సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే మ్యాచ్‌ల సంఖ్య వస్తుంది. ఏడు జట్లకు ఆరు, ఎనిమిదికి ఏడు, పన్నెండుకు పదకొండు. లెక్క అంతవరకు సరే. మారేది డ్రా ఆకారం.

ఏడు జట్ల డ్రా ఇలా ఉండేది. బలాన్ని బట్టి జట్లకు ఇచ్చే వరస సంఖ్య సీడ్. అడుగున ఉన్న ఆరు, ఏడు సీడ్‌లకు ప్రారంభ మ్యాచ్. అందులో గెలిచిన జట్టు మూడో సీడ్‌తో, నాలుగో సీడ్ ఐదో సీడ్‌తో క్వార్టర్‌ఫైనల్స్. మొదటి రెండు సీడ్‌లు నేరుగా సెమీస్. కాబట్టి టాప్ సీడ్‌కు టైటిల్ దూరం రెండు విజయాలు. అడుగు జట్టుకు నాలుగు.

2024లో ఎనిమిదో జట్టు వచ్చేసరికి సెమీస్ దాకా ఉన్న ఆ బై పూర్తిగా పోయింది. అందరూ క్వార్టర్స్ ఆడాలి, అందరికీ మూడేసి విజయాలు కావాలి. పెరిగింది ఒక్క జట్టే అయినా, మొదటి రెండు సీడ్‌ల మీద ఒక్కో మ్యాచ్ అదనపు భారం పడింది. మన ఊళ్లలో సంక్రాంతి టోర్నీలకు చీటీ తీసి బై ఇస్తారు, అది అదృష్టం. ఇక్కడ బై సీజనంతా ఆడి సంపాదించుకున్నది కాబట్టి, అది పోతే కోచ్‌లు ఊరుకోరు.

తొమ్మిది జట్లయితే ఎనిమిది, తొమ్మిది సీడ్‌లకు ఒక మ్యాచ్ పెట్టి, గెలిచినవాళ్లను ఒకటో సీడ్ మీదకు పంపాలి. మిగతా ఏడు జట్లకూ ఆ అంచెలో బై. చూడ్డానికి బాగోదు గానీ, ఎనిమిది మీద ఒకటి ఎక్కువైతే వేరే దారి లేదు.

ఇక పన్నెండు జట్ల పట్టిక గీసి చూడండి. మొదటి నాలుగు సీడ్‌లకు బై. 5-12, 6-11, 7-10, 8-9 మధ్య మొదటి రౌండ్. ఆ తర్వాత మామూలు క్వార్టర్స్. బై పొందిన జట్లకు మూడు విజయాలు చాలు, మిగతా ఎనిమిదింటికీ నాలుగు కావాలి. ఏడు ఆటోమేటిక్ బెర్తులు పోగా ఎట్-లార్జ్‌కు ఐదు మిగులుతాయి. తొమ్మిది కన్నా పన్నెండు మెరుగన్న మాటకు అసలు బలం ఈ ఐదే. పది, పదకొండు దగ్గర ఆగడం మాత్రం మా దృష్టిలో దండగ. పదిలో ఆరు బైలు, పదకొండులో ఐదు బైలు. ఐదో సీడ్‌కు కూడా బై ఇచ్చినప్పుడు ఇక బైకి విలువేముంది?

అపోహ: ఎన్ని జట్లు పెంచినా గెలిచేది కాలిఫోర్నియా వాళ్లే, మిగతావి నింపుడు జట్లు.

పాత లెక్కలు చూస్తే అలాగే అనిపిస్తుంది. ఒక్క యూసీఎల్‌ఏకే 21 టైటిళ్లు. కాలిఫోర్నియా బయటి జట్టు తొలిసారి గెలవడానికి 1994 దాకా ఆగాల్సి వచ్చింది, అది పెన్ స్టేట్. కానీ తర్వాతి చరిత్ర వేరు. ఆరు జట్ల పద్ధతి వచ్చిన తొలి ఏడాదే, 2014లో, షికాగోకు చెందిన లొయోలా గెలిచింది. 2015లో మళ్లీ గెలిచింది, ఆ ఫైనల్లో ప్రత్యర్థి లూయిస్ కూడా ఎంఐవీఏ జట్టే. 2016, 2017లో ఒహాయో స్టేట్. 2021, 2022లో హవాయి.

ఆటగాళ్లు అలా నాలుగు వైపులకూ సర్దుకోవడానికి ఒక కారణం ఉపకార వేతనాల పరిమితి. కాలేజీ క్రీడల్లో పై అంచె అయిన డివిజన్ 1 పురుషుల వాలీబాల్‌లో చాలాకాలం ఒక జట్టు మొత్తానికి 4.5 స్కాలర్‌షిప్‌లే. వాటినే ముక్కలు చేసి ఇరవై మంది దాకా ఉన్న జట్టుకు పంచాలి. ఎంత పెద్ద విశ్వవిద్యాలయమైనా మంచి ఆటగాళ్లందరికీ పూర్తి ఫీజు ఇచ్చి పోగేసుకోలేకపోయేది. 2025-26 నుంచి, ఆటగాళ్ల చెల్లింపుల కేసులో కుదిరిన కోర్టు ఒప్పందంలో చేరిన విశ్వవిద్యాలయాలకు ఆ పరిమితి తీసేసి, దాని బదులు జట్టు సభ్యుల సంఖ్యకు పరిమితి పెట్టారు. డబ్బున్న చోటికే ఆటగాళ్లు చేరడం మొదలైతే ఈ వాదన మళ్లీ మొదటికి వస్తుంది.

అడుగు సీడ్‌లు తొలి మ్యాచ్‌లోనే 3-0తో ఓడిపోతున్న మాట నిజమే. అది ఒప్పుకోవాలి. అయితే ఆ ఓటమికి జట్లు పెంచడం కారణం కాదు. కొత్త కార్యక్రమాల్లో ఎత్తైన మిడిల్ బ్లాకర్లు, వేగంగా బంతి అందించే సెట్టర్ తయారు కావడానికి నాలుగైదు బ్యాచ్‌లు పడుతుంది. ముఖ్యంగా గట్టి జంప్ సర్వీసును రోజూ ఎదుర్కోని జట్టుకు రిసీవింగ్ దెబ్బతింటుంది. పాస్ నెట్ దాకా రాకపోతే మిడిల్ నుంచి దాడి ఉండదు, బంతి ఎప్పుడూ అంచులకే వెళ్తుంది, అక్కడ ఇద్దరు ముగ్గురు బ్లాకర్లు కాచుకుని ఉంటారు. సెట్లు 25-15 లాంటి స్కోర్లతో ముగిసేది అందుకే.

అపోహ: నాలుగో వంతు జట్లకు చోటివ్వాలని ఎన్‌సీఏఏ నియమం ఉంది, పురుషుల వాలీబాల్‌కే అన్యాయం చేస్తున్నారు.

2023 జనవరిలో డివిజన్ 1 పరివర్తన కమిటీ ఇచ్చిన నివేదికలో 25 శాతం మాట ఉంది. కానీ అది సిఫార్సు. అదీ 200కు పైగా విద్యాసంస్థలు ఆడే జట్టు క్రీడలకే. పురుషుల వాలీబాల్‌లో ఈ టోర్నీకి పోటీపడే డివిజన్ 1, 2 రెండూ కలిపినా జట్లు వందకు లోపే. ఈ 25 శాతాన్ని పట్టుకుని వాదిస్తే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. అడగాల్సింది ఎట్-లార్జ్ గురించి.

అపోహ: కొత్త కాన్ఫరెన్సు పెడితే మరుసటి ఏడాదే బెర్తు వస్తుంది.

మామూలుగా ఆరు జట్లుండాలి, నిరీక్షణ కాలం గడవాలి. నార్త్‌ఈస్ట్ కాన్ఫరెన్సు 2023లో ఆడటం మొదలుపెట్టింది, బెర్తు 2025లో వచ్చింది. బిగ్ వెస్ట్‌కు మాత్రం మొదలైన 2018లోనే బెర్తు దక్కింది. అది మొదలైంది సరిగ్గా ఆరు జట్లతో: హవాయి, లాంగ్ బీచ్ స్టేట్, ఇర్వైన్, శాంటా బార్బరా, శాన్ డియేగో, నార్త్‌రిడ్జ్. ఆరుతో ఉన్న కాన్ఫరెన్సులో ఒక్క విశ్వవిద్యాలయం వాలీబాల్ ఆపేసినా బెర్తుకే ముప్పు. అందుకే కాన్ఫరెన్సులు ఏడో, ఎనిమిదో జట్టు కోసం ఎప్పుడూ వెతుకుతూ ఉంటాయి.

అపోహ: ఎక్కువ మ్యాచ్‌లు గెలిచిన జట్టుకే ఎట్-లార్జ్ ఇవ్వాలి.

ఎంపికలో చూసే కొలమానాల్లో ఆర్‌పీఐ ఒకటి, అంటే సొంత గెలుపులతో పాటు ప్రత్యర్థుల బలాన్నీ లెక్కగట్టే సూచీ. పాత సూత్రం ప్రకారం అందులో సొంత గెలుపు శాతానికి 25 వంతులు, ప్రత్యర్థుల గెలుపు శాతానికి 50, ఆ ప్రత్యర్థుల ప్రత్యర్థులకు 25. ఊహకు రెండు జట్లు తీసుకోండి. మొదటిది 0.900 గెలిచింది. ప్రత్యర్థులు 0.450, వాళ్ల ప్రత్యర్థులు 0.480. లెక్క కడితే 0.225 + 0.225 + 0.120 = 0.570. రెండోది 0.800 మాత్రమే గెలిచింది, కానీ ప్రత్యర్థులు 0.550, వాళ్ల ప్రత్యర్థులు 0.520. 0.200 + 0.275 + 0.130 = 0.605. రెండోదే ముందుంది.

కాబట్టి ఎట్-లార్జ్ ఆశ ఉన్న జట్టు జనవరి, ఫిబ్రవరిలోనే, కాన్ఫరెన్సు మ్యాచ్‌లు మొదలు కాకముందే, వేరే ప్రాంతాల గట్టి జట్లతో ఆడాలి. తూర్పు జట్లు తూర్పులోనే, పడమటి జట్లు పడమట్లోనే తిరుగుతుంటే పోల్చడానికి ఉమ్మడి ప్రత్యర్థులు దొరకరు. ఎట్-లార్జ్ రెండే ఉన్నప్పుడు మధ్య స్థాయి జట్టు ఈ ప్రయాణ ఖర్చుకు వెనకాడుతుంది. ఐదు ఉంటే ధైర్యం చేస్తుంది. టోర్నీ పరిమాణం సీజన్ షెడ్యూలును మార్చేది ఇలా.

అపోహ: ఒకే వేదికలో ఇంకో మూడు మ్యాచ్‌లు సర్దడం పెద్ద పనేం కాదు.

వాలీబాల్‌కు గడియారం లేదు. 25 పాయింట్ల సెట్ అరగంట అటూఇటూ, చివరి 15 పాయింట్ల సెట్ పదిహేను, ఇరవై నిమిషాలు. 3-0 అయితే గంటన్నరలో అయిపోతుంది, ఐదు సెట్లకు పోతే రెండున్నర గంటలకు దగ్గరవుతుంది. వార్మప్ కలుపుకుని మ్యాచ్‌కు మూడు గంటలు కేటాయించకపోతే రోజంతా వెనకబడుతూనే ఉంటుంది. నాలుగు క్వార్టర్‌ఫైనల్స్ ఒకే కోర్టులో, ఒకే రోజు పెడితే పన్నెండు గంటలు.

ప్రాక్టీసు సమయం చాలామందికి తట్టదు. ముందురోజు జట్టుకో గంట చొప్పున నాలుగు జట్లయితే నాలుగు గంటలు, ఎనిమిదైతే ఎనిమిది. మ్యాచ్ రోజు పొద్దున సర్వీస్, పాసింగ్ సాధన కూడా అందరికీ కావాలి. రెండో కోర్టు లేని వేదిక దీనికి పనికిరాదు.

కాలమానం ఇంకో తలనొప్పి. 2025 పోటీలు ఒహాయోలోని కొలంబస్‌లో జరిగాయి. అక్కడ ఉదయం 11 అంటే కాలిఫోర్నియాలో 8, హవాయిలో తెల్లవారి 5. దూరం నుంచి వచ్చిన పడమటి జట్లను వీలైనంతవరకు సాయంత్రం మ్యాచ్‌ల్లో వేయడం మంచిది. అదే రాత్రి తొమ్మిదికి మొదలైన మ్యాచ్ ఐదు సెట్లు సాగితే మర్నాడు ఆడమనకూడదు. మిడిల్ బ్లాకర్ బంతి తన దగ్గరకు రాకపోయినా ప్రతి ర్యాలీలో ఎగరాల్సిందే, ముందుగా తేలిపోయేది అతని మోకాళ్లే. 2025లో గురువారం క్వార్టర్స్, శనివారం సెమీస్, సోమవారం మే 12న ఫైనల్ పెట్టారు. మధ్యలో ఒక్కో రోజు విశ్రాంతి. ఆ ఫైనల్లో లాంగ్ బీచ్ స్టేట్ యూసీఎల్‌ఏను 3-0తో ఓడించింది.

పన్నెండు జట్లను ఒకే వేదికకు రప్పిస్తే ఈ క్రమానికి ముందు ఇంకో అంచె కలపాలి. లేదా మొదటి రౌండును పై సీడ్ ఉన్న క్యాంపస్‌లలో ఆడించాలి. రెండో పద్ధతిలో ప్రేక్షకులు బాగా వస్తారు. కాకపోతే డ్రా ప్రకటించిన కొద్ది రోజుల్లోనే హాలు ఖాళీగా దొరకాలి. మే నెలంటే అక్కడ స్నాతకోత్సవాల కాలం, చాలా విశ్వవిద్యాలయాలు వాటిని ఈ హాళ్లలోనే జరుపుతాయి. ఆతిథ్యం ఇచ్చే అవకాశమున్న ప్రతి జట్టూ ఏప్రిల్‌లోనే హాలు బుక్ చేసి పెట్టుకోవాలి.

అపోహ: జట్లు పెరిగితే కాన్ఫరెన్సులకు బాస్కెట్‌బాల్‌లో లాగా డబ్బు వస్తుంది.

రాదు. ఆడిన మ్యాచ్‌కింత అని యూనిట్ల లెక్కన పంచే పద్ధతి బాస్కెట్‌బాల్‌కే ఉంది.

అపోహ: పన్నెండు చేసేస్తే ఇక ఈ చర్చ ముగిసినట్టే.

మొత్తం పన్నెండు దగ్గర కదలకుండా ఎనిమిదో కాన్ఫరెన్సు అర్హత పొందితే ఎట్-లార్జ్ నాలుగవుతుంది. తొమ్మిదోది వస్తే మూడు. ఇంకో వైపు నుంచి చూస్తే, కాన్ఫరెన్స్ కరోలినాస్, ఎస్ఐఏసీ రెండూ డివిజన్ 2వి. డివిజన్ 3 జట్లు 2012 నుంచి తమ చాంపియన్‌షిప్ విడిగా ఆడుకుంటున్నాయి. డివిజన్ 2 కూడా అలా విడిగా ఆడితే ఈ రెండు బెర్తులూ ఖాళీ అవుతాయి. అప్పుడు ఆటోమేటిక్ ఐదే. ఎనిమిది జట్లతో ఆడినా ఎట్-లార్జ్‌కు మూడు మిగులుతాయి, తొమ్మిది జట్ల పద్ధతిలో ఉన్నదానికన్నా ఒకటి ఎక్కువే.