సర్వర్ పోయినా చిరునామా పోదు

ఉక్రెయిన్‌పై యుద్ధం మొదలై పది రోజులు కూడా కాకముందే, 2022 మార్చి 4న, రష్యా ప్రభుత్వం బీబీసీ రష్యన్, డాయిచె వెల్లె, మెడూజా సైట్లను దేశంలో బ్లాక్ చేసింది. బీబీసీ అటకెక్కిన షార్ట్‌వేవ్ రేడియోను కిందికి దించి ఉక్రెయిన్‌కూ, రష్యాలోని కొన్ని ప్రాంతాలకూ రోజుకు నాలుగు గంటలు వార్తలు వినిపించింది. దాంతోపాటు, 2019లోనే టోర్ నెట్‌వర్క్‌లో (చదివేవాళ్ల జాడ తెలియకుండా రకరకాల కంప్యూటర్ల మీదుగా సైట్లు చూపించే ఏర్పాటు) పెట్టుకున్న తన మిర్రర్‌ను, అంటే సైటు నకలును, పాఠకులకు గుర్తుచేసింది.

మిర్రర్ అన్నది కొత్త సంగతేం కాదు. లినక్స్ డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లకు తెలిసే ఉంటుంది: అవే ఫైళ్లు దేశదేశాల యూనివర్సిటీల సర్వర్లలో ఉంటాయి, ఒకటి పడిపోతే ఇంకోదాంట్లో దొరుకుతాయి. 2010 డిసెంబరులో వికీలీక్స్‌కు హోస్టింగ్ దొరకనప్పుడు దాన్ని సమర్థించేవాళ్లు వెయ్యికి పైగా మిర్రర్లు నిలబెట్టారు. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. ప్రతి మిర్రర్‌కీ వేరే చిరునామా. ఏది నిజమైన నకలో, ఏది ఎవరో పన్నిన వలో చదివేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

టోర్‌లోని ఆనియన్ సర్వీసు ఈ చిక్కును మొదట్లోనే విప్పేసింది. మామూలు సైటు పేరు చివరికి ఒక ఐపీ అడ్రసుకు, అంటే నెట్‌లో ఒక మెషీన్ నంబరుకు, దారితీస్తుంది కాబట్టి అక్కడ అడ్డుకట్ట వేయొచ్చు. ఆనియన్ చిరునామా ఏ మెషీన్‌నూ చూపించదు. అది ఆ సర్వీసు పబ్లిక్ కీయే, అంటే దాని రహస్య కీతో చేసిన సంతకం నిజమో కాదో ఎవరైనా సరిచూసుకునే కీ. సర్వర్ తానే నెట్‌వర్క్‌లో మామూలుగా మూడు రిలేలను (రద్దీని ముందుకు పంపే కంప్యూటర్లను) ఎంచుకుని, నా కోసం ఎవరైనా వస్తే కబురు పెట్టండని చెప్పి ఉంచుతుంది. ఆ మూడింటి వివరాలతో ఒక చీటీ రాసి, తన రహస్య కీతో సంతకం చేసి, మరికొన్ని రిలేలలో భద్రపరుస్తుంది. అవి ఏవన్నది రోజూ మారుతుంది. పాఠకుడి బ్రౌజర్ ఆ చీటీ తీసుకుని కబురు పంపుతుంది. ఇద్దరూ మధ్యలో ఒక రిలే దగ్గర కలుస్తారు. ఎవరు ఎక్కడున్నారో రెండోవాళ్లకు తెలియదు.

అసలు అందం ఇక్కడే ఉంది. చీటీలో ఉన్న కబురు రిలేలన్నీ ఒకే సర్వర్‌వి కానక్కర్లేదు. ఆనియన్‌బ్యాలెన్స్ అనే సాఫ్ట్‌వేర్ వేర్వేరు చోట్ల నడుస్తున్న మిర్రర్ల చీటీలను సేకరించి, వాటిలోని రిలేలన్నిటినీ ఒకే చీటీలోకి ఎక్కించి, అసలు కీతో సంతకం చేస్తుంది. ఒక చీటీలో 20 రిలేల దాకా పడతాయి. ఒక మిర్రర్ చచ్చిపోతే తర్వాతి చీటీలో దాని రిలేలు ఉండవు, అంతే. పాఠకుడు కొట్టేది అదే చిరునామా. ఇంకో మేలు, అసలు కీ మిర్రర్లలో ఉండదు. ఒకదాన్ని ఎవరైనా పట్టుకుపోయినా పేరు వాళ్ల చేతికి చిక్కదు. మాదకద్రవ్యాలు అమ్మేవాళ్లూ ఈ పద్ధతే వాడతారు, నిజమే. కానీ వార్త చదివినందుకు భయపడాల్సిన చోట దీని విలువ వేరు.

చిరునామాను మాత్రం జాగ్రత్తగా చూడాలి. అందులో 56 అక్షరాలుంటాయి, చివరిది ఎప్పుడూ ఇంగ్లిష్ 'డి'. బీబీసీ చిరునామాలో మొదటి ఏడు అక్షరాలు 'bbcnews' అని ఉంటాయి. ఒక్కో అక్షరానికి 32 అవకాశాలు కాబట్టి ఆ ఏడూ కుదరాలంటే సగటున 3,436 కోట్ల కీలు తయారుచేసి చూడాలి. వినడానికి పెద్ద సంఖ్యే, కంప్యూటర్లకు కాదు. అంటే అదే ఏడు అక్షరాలతో నకిలీ చిరునామాను మోసగాళ్లూ చేసుకోగలరు. మొత్తం చిరునామాను కుదిర్చే కంప్యూటర్ మాత్రం ఇప్పటికి లేదు. కాబట్టి చివరి అక్షరం దాకా సరిచూసుకోవాలి.

ఎన్ని మిర్రర్లున్నా దొంగ రద్దీతో ముంచేస్తే టెన్షనే. అందుకే 2023 ఆగస్టులో వచ్చిన టోర్ వెర్షన్‌లో చిన్న లెక్క పెట్టారు. సర్వీసు మీద ఒత్తిడి పెరిగినప్పుడు, లోపలికి రావాలనుకునే కంప్యూటర్ ముందుగా ఆ లెక్క చేయాలి. ఒక్క పాఠకుడికి అది క్షణాల పని. లక్షల అభ్యర్థనలు గుప్పించేవాడికి మాత్రం తడిసి మోపెడవుతుంది.

ఇవన్నీ పనిచేయాలంటే ముందు టోర్ అందాలి. రష్యా దాన్నీ 2021 డిసెంబరు నుంచి బ్లాక్ చేస్తోంది. స్నోఫ్లేక్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ ఉంది. హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ఎవరైనా దాన్ని పెట్టుకుంటే, మాస్కోలో ఉన్న పాఠకుడి కనెక్షన్ వీడియో కాల్‌లా కనిపిస్తూ వాళ్ల బ్రౌజర్ మీదుగా టోర్‌లోకి చేరగలదు.